గంటకు 500 తూటాల దొరవారికి

మహారాజశ్రీ ప్రోగ్రెసివ్ ప్రెస్సు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. పేలిన తూటాల ఖాళీ డొల్లల్లో (వాటినే కేసులంటాం) కొత్త ప్రైమరు అనే నిప్పు బిళ్లను, మందును, గుండును అమర్చి మళ్లీ తూటా చేసే యంత్రాల వంశం తమరిది. ఇక్కడ ఆ వంశంలోదే నా సింగిల్ స్టేజ్ ప్రెస్సు క్షేమం. ఒకసారికి ఒకే డై (కేసును మలిచే అచ్చు), ఒకే కేసు, ఒకే పని. దానికి గొప్పలు చెప్పుకోవడం రాదు. తమరి సంగతి వేరు, ఒక్క పిడి లాగుకే అన్ని పనులూ. అమెరికాలో ఈ రీలోడింగ్ సామగ్రి కేటలాగు ఏది తెరిచినా తమరి బొమ్మ నిండు పేజీలో వెలిగిపోతూ ఉంటుంది. కింద గంటకు ఇన్ని వందల తూటాలని బిరుదు. ఆ బిరుదు చూసే జనం తమరిని గరాజులోకి ఆహ్వానిస్తారు. నాకూ ఆ ఉద్దేశమే ఉంది. ముందు కొన్ని సంగతులు తేల్చుకుందామని ఈ లేఖ.

మొదటి సందేహం: ఆ గంట ఎప్పుడు మొదలవుతుంది? కాల్పుల రేంజిలో నడుము వంచి ఖాళీ కేసులు ఏరడం అందులో లేదు. మొక్కజొన్న కండెల పొడిలో వేసి, టంబ్లర్‌లో గంటల తరబడి తిప్పి మెరుగు పెట్టడం లేదు. 9 ఎంఎం పిస్తోలు కేసుల కుప్పలో దొంగచాటుగా దూరిన .380 రకం కేసులను పట్టుకోవడం లేదు. అవి 2 మిల్లీమీటర్లే పొట్టి, చూపు ఆనితే గాని దొరకవు. ఇక ప్రైమర్ల ముచ్చట అసలే లేదు. గరుకు పళ్లెంలో వంద ప్రైమర్లు పోసి, అన్నీ ఒకే వైపు తిరిగేదాకా కుదపాలి. మాట వినని మొండివాటిని గోటితో తిప్పాలి. ఆ తరువాత సన్నటి గొట్టం మొనతో, కోడి నూకలు ఏరుకున్నట్టు, ఒక్కొక్కదాన్నే పొడిచి ఎత్తుకోవాలి. గొట్టానికి పట్టేది 100. తమరి 500 కోసం అయిదు గొట్టాలు. ఇదంతా నేను పూర్తిచేసి, చెమట తుడుచుకుని, పిడి మీద చెయ్యి వేశాక తమరి గడియారం నడక మొదలుపెడుతుంది కాబోలు.

తమరి వంశంలో రంగుల పట్టింపు కూడా ఉందని తెలిసింది. తయారీదారుల్లో డిల్లన్ వారిది నీలం, ఆర్‌సీబీఎస్ వారిది ఆకుపచ్చ. ఎరుపులో మాత్రం రెండు ఇళ్లు: నెబ్రాస్కా గ్రాండ్ ఐలండ్‌లో హార్నడీ, విస్కాన్సిన్ హార్ట్‌ఫర్డ్‌లో లీ. నీలం వారి ముందు ధర మాటెత్తితే జీవితకాలపు పూచీ గురించి ఉపన్యాసం ఇస్తారు. ఎరుపు వారి ముందు పూచీ మాటెత్తితే మిగిలిన డాలర్లు లెక్కపెట్టి చూపిస్తారు. ఎవరినడిగినా తాము కొన్న రంగే చెబుతారు. కాబట్టి రంగు పక్కన పెట్టి, తమరి పొట్టలో ఎన్ని స్టేషన్లు (ఒక్కో పని జరిగే గదులు) ఉన్నాయో చూడడం మేలనిపించింది.

నా అసలు పేచీ తమరి పిడితో. ఒక్కసారి కిందికి లాగితే ఒక కేసు పాత ప్రైమరు రాల్చుకుని సైజుకు దిగుతుంది. మరోదానిలో తుపాకీమందు పడుతుంది, ఇంకోదాని మీద గుండు కూర్చుంటుంది, చివరిదానికి క్రింపు పడుతుంది, అంటే గుండు చుట్టూ మూతి బిగుస్తుంది. అన్నిటి మాటలూ ఒకే పిడిలోంచి నా చేతికి రావాలి. సింగిల్ స్టేజ్‌లో గుండు వంకరగా దిగుతున్నా, కేసు అంచు నలుగుతున్నా వేళ్లకు వెంటనే తెలుస్తుంది. తమరి దగ్గర సైజింగ్ డై పెట్టే కేకల్లో మిగతావారి గొంతు వినబడదు. తమరిలో చాలామంది ప్రైమరును మాత్రం పిడి వెనక్కి తోసేటప్పుడు దించుతారు. అదొక్కటే విడిగా వినబడుతుంది, సంతోషం. అయితే .45 ఏసీపీ పిస్తోలు కేసుల్లో పెద్ద ప్రైమరువి, చిన్న ప్రైమరువి రెండు రకాలున్నాయి. చిన్న గుంటలోకి పెద్దదాన్ని కుక్కమన్నా కాదనే అలవాటు తమరి లీవరుకు లేదు. ఆ క్షణంలో కళ్లద్దాలు లేకుండా నిలబడిన మనిషికి తమరి బిరుదు అక్కరకు రాదు.

మందు దగ్గర ఇంకాస్త కూర్చుందాం. మందును గ్రెయిన్లలో తూస్తాం. పౌనుకు 7000 గ్రెయిన్లు. పిస్తోలు తూటాకు పడేది తరచుగా పదికి లోపే. వేగంగా మండే రకమైతే 9 ఎంఎం కేసు సగం కూడా నిండదు. అంటే రెండుసార్లు పడినా పొంగి పొర్లి నన్ను హెచ్చరించదు. అసలు పడకపోతే కథ మరోటి. ప్రైమరు బలానికే గుండు బయలుదేరి, బ్యారెల్‌లో ఎక్కడో ఇరుక్కుని కూర్చుంటుంది. తుస్సుమన్న చప్పుడు పట్టించుకోకుండా తరువాతి తూటా పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. కనీసం పొరపాటున రెండింతలు పడితే పొర్లిపోయేంత గుల్ల మందు వాడుకోమని పాతకాపులు చెప్పేది ఇందుకే.

ఈ విషయంలో తమరి ఇంట్లో రెండు మతాలు. డిల్లన్ 550 లాంటివారు నాలుగు స్టేషన్లవారు, కేసులు నిలబడే ప్లేటును చేత్తో తిప్పమంటారు. తిప్పడం మరిచి మళ్లీ పిడి లాగితే అదే కేసులో రెండో దఫా. 750 లాంటివారికి అయిదు స్టేషన్లు, ప్లేటు తనంతట తానే తిరుగుతుంది. మరుపుకు చోటు లేదు గానీ, ప్లేటు టక్కున ఆగే ఆ విసురుకు పొట్టి కేసుల్లోంచి మందు నలుసులు ఎగిరిపడతాయి. కొందరు ప్లేటు కింది గోళీకి స్ప్రింగు మెత్తబరిచి ఆ విసురు తగ్గిస్తారు. ఇన్ని వందల డాలర్లు పోసి తెచ్చిన దొరవారికి మళ్లీ మర్యాద నేర్పించే ఖర్చు విడిగా. పైగా మధ్యలో ఏదైనా ఇరుక్కుంటే ఏ కేసులో మందు పడిందో, ఏదానిలో పడలేదో తమరికీ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. అప్పుడు ప్లేటు మీద ఉన్నవన్నీ తీసి, ఒలకబోసి, మొదటి నుంచి మొదలుపెట్టడం తప్ప దారి లేదు. గంటకు 500 లెక్కలో దీనికి ఎన్ని నిమిషాలు కేటాయించారో సెలవివ్వండి.

తమరి పరివారం సంగతి క్లుప్తంగా. కొత్త క్యాలిబర్ కావాలంటే షెల్ ప్లేటు (ఆ తిరిగే ప్లేటే), కేసులను పట్టి ఉంచే బటన్లు, మందు ఫనెల్, డైలు బిగించే టూల్‌హెడ్, మళ్లీ డైలు. డిల్లన్ ఇంటి స్క్వేర్ డీల్ గారు మామూలు డైలను ముట్టరు, తమ డైలు తమకే. కేసులు పోసే మోటారు తొట్టి విడిగా కొనాలి. వరస అంతా అమరేసరికి వెయ్యి డాలర్లు దాటడం పెద్ద కష్టం కాదు. డబ్బు ఆదా అవుతుందన్న మాట ఇద్దరం ఎత్తకుండా ఉందాం. 2020, 2021లో దేశమంతా ప్రైమర్లు కరవైనప్పుడు తమరు గంటకు సున్నా చేశారు.

రైఫిల్ కేసుల విషయంలోనూ తమరి వేగం మీద నాకు ఆశ లేదు. వాటికి లూబ్రికెంట్ పుయ్యాలి, సాగినవాటిని కొలిచి కోయాలి, పూసింది తుడవాలి. ఒక్క దఫాలో తెమిలే పని కాదు. బర్డన్ రకం ప్రైమర్ల కేసులైతే పాత ప్రైమరును తోసే తమరి డీక్యాపింగ్ సూదికి ప్రాణసంకటం. అడుగున నడిమి రంధ్రం ఉండదు, దిమ్మెకు తగిలి సూది విరుగుతుంది. చిత్రమేమిటంటే, ఆ ప్రైమరుకు పేరిచ్చిన బర్డన్ అమెరికావాడు. ఆయన ప్రైమరు ఐరోపాలో స్థిరపడింది. నడిమి రంధ్రం ఉన్న కేసులకు సరిపోయే, బ్రిటన్‌వాడైన బాక్సర్ గారి ప్రైమరు అమెరికాకు వచ్చి మనకింత అన్నం పెడుతోంది.

చట్టం సంగతీ అనుకోవాలి. సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే కావాలి. కాబట్టి తమరి మిగులు ఉత్పత్తికి గిరాకీ వెతికే పని నాకు అప్పగించవద్దు. అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం 495వ ప్రమాణం ప్రకారం ఇంట్లో ఉంచదగ్గ ప్రైమర్లు 10,000. బిరుదు నిజమే అయితే నా ఇంటి నిల్వ మొత్తం తమరికి 20 గంటల పని. ఆ తరువాత ఏం చేస్తారు, నిద్రపోతారా?

అయినా రండి. నెలకు నూరో రెండు నూర్లో కాల్చేవాడికి టరెట్ ప్రెస్సు (డైలన్నీ తిరిగే తలలో ఉన్నా ఒకసారికి ఒకే కేసు చూసేది) చాలునని నాకు తెలుసు. పోటీలకు వెళ్లేవాడికి అది చాలదని కూడా తెలుసు. నా షరతులు ఇవి. తమరికి అయిదు స్టేషన్లు ఉండాలి. మందు పడిన తరువాతి గదిలో పౌడర్ చెక్ డై కాపలా ఉండాలి. ఎక్కువైనా తక్కువైనా అరవాలి, లేదా పిడిని అక్కడే పట్టి ఆపాలి. దానితోపాటు ప్రతి కేసులోకీ నేను తొంగి చూస్తాను, నెత్తిన దీపం పెట్టుకుని. మోటారు తొట్టి వద్దు. కేసులు నా వేళ్లతోనే పెడతాను, ఆ సాకుతో పగిలిన మూతులు కంటపడతాయి. పుస్తకంలో ఉన్న కనిష్ఠ మోతాదుతో మొదలుపెడతాను, ప్రతి యాభైకోసారి ఒక మోతాదు తూకం వేస్తాను. ఈ లెక్కన గంటకు రెండు వందలు దాటకపోవచ్చు. తమరి బిరుదుకు భంగం అనిపిస్తే పెట్టెలోనే ఉండండి.

ఇట్లు,
తమరి కాబోయే యజమాని

తా.క.: ప్రైమర్లు అయిపోవస్తే మోగే బజరు కూడా ఉందని చూశాను. అది మోగకపోయినా, మోగింది నేను వినకపోయినా, ప్రైమరు లేని కేసులో పోసిన మందు అడుగు రంధ్రంలోంచి కారి షెల్ ప్లేటు కిందికి చేరుతుందట. దాన్ని ఊడ్చే బ్రష్షు కేటలాగులో ఎక్కడా కనబడలేదు. ఒకటి పెట్టెలో వేసి పంపించగలరు.