ఒంటరి యాత్రికుడి పరివారం

వీపున సంచి తగిలించుకుని, వియత్నాం పల్లెల గుండా బస్సుల్లో తిరుగుతూ, గుహలు చూసి రావడమనే విద్య మన తెలుగు యువతలో ఇటీవల బాగా వర్ధిల్లుతున్నందుకు ముందుగా అందరం సంతోషించాలి. హైదరాబాద్ నుంచి ఆ దేశానికి నేరుగా విమానాలు వచ్చాయి, ఈ-వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు, పైగా అక్కడి కరెన్సీ అయిన డాంగ్‌లలోకి మార్చగానే మన రూపాయి కూడా ఒకచోట దర్జాగా తలెత్తుకు నిలబడుతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనకటికి తిట్టుగా అనేవారు, ఇప్పుడదే అర్హతాపత్రం. ఈ సాహసాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. ఒక మనిషి ఒంటరితనాన్ని తయారుచేసి, నిలబెట్టి, చెక్కుచెదరకుండా తిరిగి ఇంటికి చేర్చడానికి ఎందరు పాటుపడుతున్నారో అది కూడా లెక్కలోకి రావాలన్నది మాత్రమే మా విన్నపం.

ముందు బస్సు సంగతి చూద్దాం. హనోయ్‌లో రాత్రి బయలుదేరే స్లీపర్ బస్సు మెట్టెక్కగానే క్లీనర్ కుర్రాడు ఒక ప్లాస్టిక్ సంచి చేతిలో పెట్టి, బూట్లు విప్పి అందులో వేసుకోమని సైగ చేస్తాడు. లోపల మూడు వరుసల పడకలు, రెండేసి అంతస్తులు, వాటి మధ్య మనిషి పక్కవాటుగా నడిస్తే తప్ప పట్టని సందులు ఉంటాయి. కాళ్లు పెట్టుకోవడానికి ముందు పడకవాడి తల కింద చిన్న పెట్టెలాంటి అర ఉంటుంది. స్థానికుల ఎత్తుకు సరిపడేలా చేసిన ఆ అరలో మన ఆరడుగుల సాహసికుడి పాదాలు ఇమడవు కనుక మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని తెల్లవార్లూ ఆత్మపరిశీలన చేసుకుంటాడు. చుట్టూ ముప్పై పైచిలుకు మంది గురకపెడుతున్నా, వారంతా అతని దృష్టిలో ప్రకృతి దృశ్యంలో భాగం కాబట్టి, అతను ఒంటరిగానే ప్రయాణిస్తున్నట్లు భావించాలి. తెల్లవారుజామున నాలుగింటికి భుజం తట్టి, ‘ఫోంగ్ న్యా, ఫోంగ్ న్యా’ అని గుహలున్న ఊరి పేరు కేకవేసి, సంచీతో సహా చీకట్లో దించేది కూడా ఆ క్లీనర్ కుర్రాడే. ఆ కేకే లేకపోతే ఏకాంత యాత్ర నిద్రలోనే హ్యూ నగరం దాకా సాగిపోయేది.

పగటిపూట బస్సుల్లో ఈ ఏకాంతం ఇంకా చిక్కబడుతుంది. డాంగ్ హోయ్ పట్టణం నుంచి ఫోంగ్ న్యా ఊరికి సుమారు 45 కిలోమీటర్లు. సంతనుంచి వచ్చే ఆడవాళ్లు తమ గంపలు కాస్త జరిపి ఇతనికి చోటిస్తారు, ఎవరో సంచి అందుకుని బస్తాల మీద పెడతారు. అక్కడి 20,000 డాంగ్‌ల నోటూ 5,00,000 డాంగ్‌ల నోటూ రెండూ నీలం ఛాయలోనే ఉంటాయి. మన యాత్రికుడు పెద్దది తీసి చాపితే, దాన్ని వెనక్కి నెట్టి, అతని గుప్పిట్లోంచి చిన్నది వేలితో బయటికి లాగి చూపించే కండక్టరు ఉంటాడు. ఇతనే మన ఊళ్లో పల్లె వెలుగు బస్సు కనిపిస్తే ముఖం తిప్పుకుని క్యాబ్ బుక్ చేసుకునే మనిషన్నది ఇక్కడ అప్రస్తుతం. బస్సు అదే అయినా కోళ్లు విదేశీవి.

ఊళ్లో దిగిన తరువాత హోమ్‌స్టే ఇల్లాలు నిద్ర కళ్లతో లేచి గేటు తీస్తుంది. ఇతను శాకాహారి అయితే ఆమె పని రెట్టింపు, ఎందుకంటే ఆ దేశపు వంటింట్లో చేపల సాసు పడని గిన్నె దొరకడం కష్టం. అదృష్టవశాత్తు చాంద్రమానం ప్రకారం నెలలో మొదటి రోజున, పదిహేనో రోజున నీచు ముట్టని బౌద్ధ ఆచారం అక్కడ ఉంది కనుక ఆమెకు సంగతి అర్థమవుతుంది. ప్రత్యేకంగా టోఫూ వేయించి పెడుతుంది. ఇతను సంచి అడుగునుంచి కందిపొడి సీసా తీస్తాడు. ఆ సీసా వెనుక ఇంటి దగ్గర తల్లి, ఇద్దరు పిన్నులు, ఒక రోలు ఉన్నాయి. వాటినీ పరివారంలో చేర్చవలసిందే.

ఇక అసలు విషయం గుహలు. ఫోంగ్ న్యా – కే బాంగ్ జాతీయ వనాన్ని యునెస్కో 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సుమారు నలభై కోట్ల ఏళ్ల చరిత్ర ఉన్న సున్నపురాయి నేల అది. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని ఆమ్లమై, రాయిని కరిగించుకుంటూ పోగా మిగిలిన ఖాళీలే ఈ గుహలు. 2005లో బయటపడ్డ ప్యారడైజ్ గుహ పొడవు 31 కిలోమీటర్లు. అందులో మొదటి కిలోమీటరు దాకా మామూలు సందర్శకుల కోసం చెక్క బాట వేసి, దీపాలు పెట్టి, మెట్లకు చేతికమ్మీలు బిగించారు. ఆ చేతికమ్మీని పట్టుకుని దిగివచ్చిన మన యాత్రికుడు, ‘మానవ స్పర్శ ఎరుగని లోకం’ అని రాసుకుంటాడు.

కనిపెట్టడం అనే మాట కూడా అక్కడ జాగ్రత్తగా వాడాలి. 1990 ప్రాంతంలో హో ఖాన్ అనే స్థానికుడు అడవిలో తుఫానుకు చిక్కి ఒక గుహ ముఖం దగ్గర తలదాచుకున్నాడు. లోపలి నుంచి గాలి హోరు, నీటి చప్పుడు వినిపించేసరికి భయపడి వచ్చేశాడు, తరువాత దారి మరిచిపోయాడు. మళ్లీ 2008లో ఆ చోటు పట్టుకున్నాడు. 2009లో అతను దారి చూపిస్తుండగా హోవర్డ్ లింబర్ట్ నాయకత్వంలో బ్రిటిష్ గుహాన్వేషకులు వెళ్లి కొలిచారు. అదే సోన్ డూంగ్. దాని పరిమాణం దాదాపు 3.85 కోట్ల ఘనపు మీటర్లు, కొన్నిచోట్ల ఎత్తు 200 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద గుహగా దానికి పేరు. కప్పు కూలిన చోట్ల ఎండ పడి లోపలే అడవి పెరిగింది. పద్దెనిమిదేళ్లపాటు దారి వెతికిన మనిషికీ, ఫోనులో మ్యాపు చూసి వెళ్లిన మనిషికీ ‘అన్వేషకుడు’ అన్న బిరుదు ఒక్కటే ఉండటం భాషకున్న ఉదారతగా భావించి ముందుకు పోదాం.

ఏటా సుమారు వెయ్యి మందినే అనుమతించే ఆ గుహకు నాలుగు రోజుల యాత్ర ఖరీదు దాదాపు 3,000 డాలర్లు. పది మంది అతిథుల జట్టు వెంట వారికి రెట్టింపుకు మించిన సిబ్బంది నడుస్తారు. గైడ్లు, తాళ్లు చూసుకునేవారు, వంటవారు, గుడారాలూ బియ్యమూ మోసే పోర్టర్లు అందులో ఉంటారు. మరుగుదొడ్డిలో చల్లే ఊక కూడా ఎవరో ఒకరి వీపు మీదే వస్తుంది. లోపల 90 మీటర్ల నిలువు గోడను అతిథి ‘జయిస్తున్నప్పుడు’ పైన తాడు బిగించి పట్టుకున్నవాడు రబ్బరు చెప్పులతో అంతకుముందే ఎక్కి కూర్చుని ఉంటాడు. ఆ తరువాత జగత్ప్రసిద్ధమైన ఆ ఫొటో తీస్తారు. అఖండమైన చీకటిలో బండరాయి మీద ఒక్క మనిషి, అతని మీద ఒక వెలుగు చార కనిపిస్తాయి. గుహలో అంత వెలుగు దానంతటదే రాదు. తలా ఒక దీపం పట్టుకుని, ఫ్రేములో పడకుండా రాళ్ల చాటున నక్కి కూర్చున్న జట్టు మనుషుల పుణ్యం అది. ఒంటరితనాన్ని అంత స్పష్టంగా చూపించాలంటే కనీసం నలుగురు కావాలి.

ఆ ఏకాంతం అసలు మిగిలి ఉండటానికీ గుంపే కారణం. 2014లో ఆ గుహ వైపు కేబుల్ కారు వేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు వియత్నాం యువత సామాజిక మాధ్యమాల్లో పెద్ద ఎత్తున వ్యతిరేకించింది.

గుహల్లోకి అంతకు మునుపు వెళ్లినవారి గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఈ గుహలున్న క్వాంగ్ బిన్ ప్రాంతం, ఒకప్పుడు ఉత్తర, దక్షిణ వియత్నాంలను విడదీసిన 17వ అక్షాంశానికి కాస్త ఉత్తరాన ఉంది. 2025లో పరిపాలనాపరంగా అది క్వాంగ్ ట్రీలో కలిసిపోయింది. అమెరికా యుద్ధకాలంలో ఆ నేల మీద పడినన్ని బాంబులు చాలా తక్కువచోట్ల పడ్డాయి. ఫోంగ్ న్యా గుహలో మందుగుండు దాచారు, గాయపడ్డవారికి వైద్యం చేశారు, ఊళ్లకు ఊళ్లు గుహల్లో తలదాచుకున్నాయి. వారిలో ఎవరూ తమను తాము వెతుక్కోవడానికి లోపలికి వెళ్లినట్లు దాఖలాలు లేవు. పేలని బాంబులు ఆ అడవుల్లో ఇంకా ఉన్నాయి కాబట్టే, దారి తప్పి నడవడమే జీవితమని నమ్మే మన యాత్రికుణ్ణి గైడు బాట దిగనివ్వడు.

మరి బొర్రా గుహలున్నాయి కదా, బెలుం గుహలున్నాయి కదా, 3,229 మీటర్ల పొడవుతో కొలిమిగుండ్ల పక్కనే ఉన్నాయి కదా అని అడిగితే, అక్కడ జనం ఎక్కువని సమాధానం వస్తుంది. ఇందులో లోతైన తర్కం ఉంది. బొర్రా దగ్గర బొంగు చికెన్ అమ్మే ఆవిడ ‘ఏ ఊరు నాయనా, ఒక్కడివే వచ్చావేం, పెళ్లి కాలేదా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న దెబ్బకు ఎంతటి ఏకాంతమైనా నిలవదు. వియత్నాం బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ అడిగేదీ సరిగ్గా అదే. వయసెంత, పెళ్లయిందా అని అడగడం అక్కడా ఆప్యాయతే. కాకపోతే ఆమె మాట ఇతనికి అర్థం కాదు. చిరునవ్వు నవ్వి, ‘మౌనంలో ఎంతో మాట్లాడుకున్నాం’ అని రాసుకోవడానికి వీలవుతుంది. అర్థం కాని భాష మాట్లాడేవారిని జనం కింద లెక్కవేయనవసరం లేదన్న ఈ సూత్రమే ఒంటరి యాత్రకు పునాది.

కనుక మా ప్రతిపాదన చాలా స్వల్పమైనది. తెలుగు సినిమా ఎంత సొంత డబ్బుతో తీసినా, మొదట్లో ‘కృతజ్ఞతలు’ అంటూ స్థలం ఇచ్చిన ఆసామి దగ్గర్నుంచి భోజనాలు పంపినవారి దాకా పేర్లు వేస్తారు. ఒంటరి యాత్రికులు కూడా తమ గుహ ఫొటో మీద అలాగే పేర్లు వేయాలి. క్లీనర్ కుర్రాడు, నోటు వెనక్కి నెట్టిన కండక్టరు, గంప జరిపిన ఆడవాళ్లు, టోఫూ వేయించిన ఇల్లాలు, ఊక మోసినవాడు, తాడు పట్టినవాడు, దీపాలు పట్టిన నలుగురు, కందిపొడి విభాగం, అందరి పేర్లూ ఉండాలి. అంత జాబితా వేస్తే ఫొటోలో ఇక గుహ కనిపించదన్న అభ్యంతరం రావచ్చు. గుహ ఎత్తు 200 మీటర్లు, చోటు చాలుతుంది.