మహారాజశ్రీ కలుపుమందు సీసా మూత గారికి

వంశధార కాలువ శివారు రైతు నమస్కరించి రాయునది.

ఇక్కడ ఉభాలు, అంటే వరి నాట్లు, అయ్యాయి. నీరు మా వరకు దిగేసరికి ఎప్పటిలాగే ఆలస్యమైంది. కలుపు తీసే మనుషుల్లో సగం మంది విశాఖపట్నం, హైదరాబాదు వెళ్లిపోయారు. అందుకే ఈసారి కూడా మా మడిని తమరికే అప్పగించాం.

దుకాణంలో "ఎంత వెయ్యాలండీ?" అంటే, "ట్యాంకుకి రెండు మూతలు" అన్నారు. అదే శాసనం. సీసా మీది కాగితంలో ఎకరాకి ఇంత అని ఉంటుందట. ఆ చీమ తలకాయంత అక్షరాలు ఎవడు చదువుతాడు? రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలదీ ఎకరా లెక్కే. పాపం, వాళ్లకి మూత లెక్క రాదు.

బిస్పైరిబాక్ సోడియం 10 శాతం మందు ఎకరాకి 100 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో. 16 లీటర్ల ట్యాంకుకి 8 మిల్లీలీటర్లు చాలు. మా బావ సీసా మూత 10 పట్టేదనుకోండి. రెండేసి మూతలతో పన్నెండు ట్యాంకులు కొడితే 240. వరి పసుపు రంగుకి తిరిగి కూర్చుంది. మామయ్యది ఇంకో కంపెనీ సీసా, 5 పట్టే మూత. ఆరు ట్యాంకులకే నడుం పట్టేసి ఆపేశాడు. మొత్తం 60. వరిలాగే కనిపించే ఊద గడ్డి ఇంకా ఏపుగా లేచింది. ఇద్దరూ కలిసి తిట్టింది మాత్రం మందుని. తమరి పేరు ఎక్కడా రాలేదు, అదీ తమరి హోదా.

నిజానికి ఉభాలైన 3-5 రోజుల్లో ప్రెటిలాక్లోర్ 50 శాతం మందు ఎకరాకి అర లీటరు, 20 కిలోల పొడి ఇసుకలో కలిపి, పలచగా నీరున్న మడిలో చల్లితే ఊద మొలకలోనే పోయేది. కానీ ఆ పనిలో ట్యాంకు లేదు, ట్యాంకు లేనిచోట తమరికి కొలువు లేదు. పైగా ఆకుమడిలో వరితో పాటు ఊదనీ పీకి, వరుసలో మర్యాదగా నాటింది మేమే. ఆకు మొదట్లో వరికి నాలుకలాంటి పల్చని పొర ఉంటుంది, ఊదకి ఉండదు. అంత వంగి చూసే ఓపిక ఎవరికుంది?

తుంగకీ వెడల్పాకు కలుపుకీ తెచ్చిన 2,4-డి పొడిని కూడా తమరితోనే కొలిచాం. గ్రాముల్లో తూచాల్సింది. గాలివాటున కొడితే పక్కాయన గోగు ఆకులు ముడుచుకున్నాయి. ఆయన మాతో మాట్లాడటం మానేశాడు. అదే ట్యాంకుని సరిగా కడక్కుండా వంగ మొక్కలకి పురుగుమందు కొట్టాం. ఈ ఏడు వంకాయ కొనుక్కుంటున్నాం.

కాబట్టి మనవి. తమరు సీసాకి బిగుసుకుని కూర్చోండి. గీతలున్న కొలత గ్లాసు ఒకటి తెస్తాం, ఎన్ని ట్యాంకులైతే ఎకరం తడుస్తుందో ముందు ఉత్త నీళ్లతో చూసుకుంటాం.

ఇట్లు,
తమరి విధేయ శివారు రైతు

తా.క.: మొదటిది పనిచెయ్యలేదని మామయ్య ఇంకో సీసా తెచ్చాడు. దాని మూత కాస్త పెద్దదట. "ఈసారి ఒక్కటి చాలు" అంటున్నాడు.