వియత్నాం ఎంత అమ్ముతోందో చూస్తున్నాం, ఏం కొంటోందో చూడటం లేదు

2024లో వియత్నాం సరకుల ఎగుమతులు దాదాపు 40,500 కోట్ల డాలర్లు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో భారత్ సరకుల ఎగుమతులు సుమారు 43,700 కోట్ల డాలర్లు. పది కోట్ల మంది ఉన్న దేశం, 140 కోట్లు దాటిన దేశం ఎగుమతుల్లో ఇంచుమించు సమానంగా నిలవడం మన దగ్గర రెండు రకాల చర్చకు దారితీస్తోంది. వాళ్లు చేసినట్టే మనమూ చేయాలని కొందరంటే, మనకు రావలసిన మార్కెట్‌ను వాళ్లు తన్నుకుపోతున్నారని ఇంకొందరంటున్నారు. రెండు మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది. అయితే ఇద్దరూ వియత్నాంను అమ్మకందారుగానే చూస్తున్నారు. అదే 2024లో ఆ దేశం 38 వేల కోట్ల డాలర్ల విలువైన సరకును బయటి నుంచి కొన్నది. అందులో భారత్ వాటా చాలా చిన్నది. రెండు దేశాల మధ్య మొత్తం వ్యాపారం ఏడాదికి 1,500 కోట్ల డాలర్ల దగ్గర తిరుగుతోంది, అంటే వియత్నాం విదేశీ వ్యాపారంలో రెండు శాతం. మన ఎగుమతిదారులు ముందుగా ఆలోచించవలసింది ఈ రెండు శాతం గురించేనని నా అభిప్రాయం.

ఆ దేశం అంత సరకు ఎందుకు కొంటోందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1986లో వియత్నాంలో ధరలు ఏడాదిలో ఏడు రెట్లకు మించి పెరిగాయి. ఆ ఏడాది డిసెంబరులో జరిగిన కమ్యూనిస్టు పార్టీ మహాసభ ‘దొయ్ మొయ్’ పేరుతో సంస్కరణలకు తలుపు తీసింది. 1988లో ఉమ్మడి సేద్యాన్ని పక్కన పెట్టి పొలాలను కుటుంబాల చేతికి అప్పగించారు. బియ్యం దిగుమతి చేసుకుంటున్న దేశం 1989లో పది లక్షల టన్నులకు పైగా ఎగుమతి చేసింది. ఆ తర్వాతిదంతా ఒప్పందాల చరిత్రే. 1995లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో సభ్యత్వం, అమెరికాతో దౌత్య సంబంధాలు, 2001లో అమలులోకి వచ్చిన అమెరికా వాణిజ్య ఒప్పందం, 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థ, 2019లో పసిఫిక్ దేశాల ఒప్పందం, 2020 ఆగస్టులో ఐరోపా సమాఖ్యతో స్వేచ్ఛా వాణిజ్యం. భారత్ 2019 నవంబరులో వద్దనుకుని బయటికి వచ్చిన ఆసియా-పసిఫిక్ ప్రాంతీయ వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్‌లోనూ వియత్నాం ఉంది. పార్టీ పాలనలో ఉన్న దేశం ప్రపంచంలోకెల్లా తెరచిన మార్కెట్లలో ఒకటి కావడం వింతగా తోచవచ్చు. కానీ అక్కడి నాయకత్వానికి రాజకీయాల్లో గుత్తాధిపత్యం, సరిహద్దుల దగ్గర సుంకాల సడలింపు ఒకదానికొకటి అడ్డు కాలేదు.

ఈ దారిలో తిరుగులేని మలుపు శాంసంగ్. 2008లో అనుమతి పొంది మరుసటి ఏడాది హనోయ్ పక్కనున్న బాక్ నిన్‌లో ఫోన్ల తయారీ మొదలుపెట్టిన ఆ సంస్థ, తర్వాత థాయ్ న్గుయెన్‌కూ విస్తరించింది. ఇప్పుడు తన స్మార్ట్‌ఫోన్లలో సగం దాకా అక్కడే తయారు చేస్తోంది. 2024లో ఆ ఒక్క కంపెనీ వియత్నాం నుంచి చేసిన ఎగుమతులే 5 వేల కోట్ల డాలర్లు దాటాయి. దేశం మొత్తం ఎగుమతుల్లో ఎనిమిదో వంతు కంటే ఇది ఎక్కువ. ఎల్‌జీ, ఇంటెల్, ఫాక్స్‌కాన్, లక్స్‌షేర్ వంటివి కూడా చేరడంతో ఎగుమతుల్లో విదేశీ పెట్టుబడి సంస్థల వాటా 70 శాతం దాటింది.

ఈ 70 శాతం దగ్గర ఆగి ఆలోచించాలి. ఫోను బాక్ నిన్‌లో తయారవుతుంది, లెక్కలో వియత్నాం ఎగుమతి అవుతుంది. దాని లోపలి చిప్పు, తెర, కెమెరా చాలావరకు కొరియా నుంచో చైనా నుంచో వచ్చినవే. 2024లో చైనా నుంచి వియత్నాం దిగుమతులు 14,400 కోట్ల డాలర్లు, అమెరికాకు ఎగుమతులు సుమారు 12 వేల కోట్ల డాలర్లు. ఉత్తరాన లాంగ్ సన్ దగ్గర లారీల్లో సరిహద్దు దాటి వచ్చిన విడిభాగాలు కొద్ది రోజుల్లో హైఫాంగ్ ఓడరేవులో కంటెయినర్లెక్కుతాయి. మధ్యలో వియత్నాంకు దక్కేది కూలి, కరెంటు బిల్లు, కొంత అద్దె, కొంత పన్ను. ఆ పన్ను కూడా పూర్తిగా దక్కలేదు. భారీ హైటెక్ ప్రాజెక్టులకు మొదటి నాలుగేళ్లు పన్ను లేదు, ఆపై తొమ్మిదేళ్లు సగమే. 2024 జనవరి నుంచి అంతర్జాతీయ కనీస పన్ను 15 శాతాన్ని వియత్నాం అమలు చేయడంతో ఆ ఆకర్షణకు కొంత గండి పడింది.

దేశం బాగుపడలేదని దీని అర్థం కాదు. 2024లో తలసరి ఆదాయం 4,700 డాలర్ల దగ్గర ఉంది, మనకంటే బాగా ఎక్కువ. ఆ కూలి డబ్బే లక్షల కుటుంబాలను పేదరికం నుంచి బయటికి తెచ్చింది. అయితే సొంత సరఫరాదారుల వ్యవస్థ పెరగకుండా బిగింపు పని మీదే నడిచే ఆర్థిక వ్యవస్థను బయటి నుంచి సులువుగా కుదిపేయవచ్చు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం వియత్నాం సరకులపై 46 శాతం సుంకం ప్రకటించింది. జూలైలో దాన్ని 20 శాతానికి తగ్గించి, ఇతర దేశాల సరకును వియత్నాం మీదుగా మళ్లిస్తే 40 శాతమని మెలిక పెట్టింది. ఆ రెండో అంకె గురి చైనా. సుంకాలు రేపు ఎటు మారినా, ఫలానా వస్తువులో చైనా భాగమెంత అన్న ప్రశ్న మాత్రం అమెరికా కొనుగోలుదారు నోట్లో నుంచి పోదు. చైనా కాని చోటు నుంచి ముడిసరుకు వెతుక్కోవలసిన అవసరం వియత్నాం ఫ్యాక్టరీలకు ఇంతకుముందెన్నడూ లేనంతగా వచ్చింది. మన అవకాశం కూడా అక్కడే ఉంది.

దుస్తుల పరిశ్రమను తీసుకుందాం, ఎందుకంటే సూక్ష్మమంతా అందులోనే ఉంది. ప్రపంచంలో పెద్ద దుస్తుల ఎగుమతిదారుల్లో వియత్నాం ఒకటి, అయినా బట్టలో ఎక్కువ భాగం చైనాదే. ఐరోపా ఒప్పందం కింద సుంకం రాయితీ కావాలంటే దుస్తులు కుట్టడమే కాక బట్ట నేయడం కూడా వియత్నాంలోనో ఐరోపాలోనో జరగాలి. కొరియా బట్టకు మాత్రం మినహాయింపు ఉంది. నూలు ఎక్కడిదైనా ఫర్వాలేదు. పసిఫిక్ ఒప్పందంలో నిబంధన ఇంకో మెట్టు కిందికి దిగుతుంది, నూలు కూడా సభ్య దేశాలదే కావాలి. కాబట్టి గుంటూరు జిల్లా స్పిన్నింగ్ మిల్లు నూలుతో వియత్నాంలోనే బట్ట నేసి కుట్టిన చొక్కా జర్మనీకి సుంకం రాయితీతో వెళ్లగలదు, అదే చొక్కాకు జపాన్‌లో ఆ ఒప్పందపు రాయితీ దక్కదు. ఇలాంటి తేడాలు తెలియకుండా వియత్నాంకు బట్ట అమ్ముదామని బయలుదేరినవారికి నిరాశే మిగులుతుంది.

నూలు దారి కూడా పూలబాట కాదు. వియత్నాంకు సొంత స్పిన్నింగ్ మిల్లులున్నాయి, వాటి నూలు చైనాకు వెళుతోంది. వాళ్లకు లేనిది పత్తి. కావలసిన పత్తి దాదాపు అంతా బయటి నుంచే, ఎక్కువగా అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియాల నుంచి తెచ్చుకుంటారు. దేశంలో పత్తి పండించే రాష్ట్రాల్లో ముందు వరుసలో ఉన్న తెలంగాణకు ఇది కలిసివచ్చే విషయంలా కనిపిస్తుంది. కానీ బేళ్లలో కలిసే ప్లాస్టిక్ సంచుల పోగులు, ఇతర చెత్త భారత పత్తికి చాలా ఏళ్లుగా చెడ్డపేరు తెస్తున్నాయి. నేతలో బయటపడే ఒక్క రంగు పోగు తానునే పాడుచేస్తుంది. అక్కడి మిల్లు యజమాని మన పత్తికి తక్కువ ధర కడుతున్నాడంటే కారణం దౌత్యంలో లేదు, పత్తి తీసే చోట వాడుతున్న గోతాల్లో ఉంది.

జీడిపప్పు కథ మనకు మరింత దగ్గరిది. ఒకప్పుడు తన పచ్చి జీడిగింజలను భారత్‌కు అమ్ముకున్న వియత్నాం, గింజ పగలగొట్టడం, పొట్టు తీయడం, రంగును బట్టి వేరుచేయడం యంత్రాలకు అప్పగించి 2006 నాటికి జీడిపప్పు ఎగుమతుల్లో మనల్ని దాటిపోయింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడలేదు. వింతేమిటంటే వాళ్లు ప్రాసెస్ చేసే గింజలో ఎక్కువ భాగం వాళ్ల తోటల్లో పండినది కాదు, కాంబోడియా, ఐవరీ కోస్ట్ వంటి దేశాలది. అంటే శ్రీకాకుళం జిల్లా పలాస వ్యాపారి, దక్షిణ వియత్నాంలోని బిన్ ఫువోక్ వ్యాపారి ఆఫ్రికా గింజ కోసం ఒకే బజారులో పోటీపడుతున్నారు. పలాస పరిశ్రమ వెనుక ఉద్దానం తోటలున్నాయి, 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను దెబ్బకు అవి ఏ స్థితికి చేరాయో ఆ ప్రాంతంవారికి తెలుసు. మనకున్న అసలు బలం దేశంలోని తిండి మార్కెట్. పండుగలు, పెళ్లిళ్లు, మిఠాయి దుకాణాలు పప్పును ఇక్కడే తినేస్తాయి కాబట్టి ఎగుమతి పోయినా పలాస నిలబడింది. ఈ రంగంలో వియత్నాంతో మన వ్యాపారం పప్పులో కాక యంత్రాల్లో సాగుతోంది, అవి వాళ్లు అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు కానీ, యంత్రాలు తయారు చేసే సత్తా మన దగ్గర లేదా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

రొయ్యల్లో మాత్రం పోటీదారే కొనుగోలుదారు కూడా. వియత్నాంలో సాగు ఖర్చు ఎక్కువ, ప్రాసెసింగ్ నైపుణ్యమూ ఎక్కువ. అందుకే మన రొయ్యను కూడా కొని, వండో, పిండి పట్టించో, ప్యాకెట్లలో నింపో మళ్లీ అమ్ముతారు. 2025 ఆగస్టులో భారత సరకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం చెరువుల దగ్గర ఎంత ఆందోళన కలిగిందో చూశాం. ఒక్క దేశపు సూపర్‌మార్కెట్ల మీద ఇంతగా ఆధారపడినవారికి వియత్నాం ప్రాసెసింగ్ ప్లాంట్లు మరో గిరాకీ. లాభంలో పెద్ద ముక్క వాళ్లకు పోతుందన్నది నిజమే, కాకపోతే చెరువు ఎండబెట్టుకోవడం కంటే అది నయం. ఆ ముక్క కూడా ఇక్కడే మిగలాలంటే ప్రాసెసింగ్‌కు పెట్టుబడి కావాలి. అది వేరే చర్చ.

మిర్చి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎండుమిర్చి కొనే దేశాల్లో చైనా, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్‌లతోపాటు వియత్నాం కూడా ఉందని గుంటూరు యార్డుకు తెలియనిది కాదు.

మందుల సంగతికొస్తే, వియత్నాం ఔషధ కంపెనీలు ముడి ఔషధాల్లో ఎక్కువ భాగాన్ని చైనా, భారత్‌ల నుంచే తెచ్చుకుంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్‌డ్రగ్ పరిశ్రమకు ఇది సహజమైన మార్కెట్. తయారైన మాత్రల విషయంలో మాత్రం అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులు టెండర్లలో మందులను ప్రమాణాలను బట్టి వర్గాలుగా విడగొడతాయి. ఐరోపా తయారీ ప్రమాణాల ధ్రువీకరణ ఉన్నవాటికి పై వర్గం, లేనివాటికి కింది వర్గం, అక్కడ ధర తప్ప ఇంకేమీ గెలవదు. మందు నమోదుకు పట్టే కాలం కూడా తక్కువ కాదు. కాబట్టి చిన్న కంపెనీలకు మాత్రలు పంపడం కంటే ముడి మందు అమ్మడం మేలు, పెద్ద కంపెనీలకు అక్కడే ప్లాంటు పెట్టుకోవడం మేలు.

పెట్టుబడి ఒక వైపే పారడం లేదు. ఓఎన్‌జీసీ విదేశ్ 1988 నుంచే వియత్నాం సముద్ర గ్యాస్ క్షేత్రాల్లో ఉంది. ఇటు వియత్నాం కార్ల కంపెనీ విన్‌ఫాస్ట్ తమిళనాడులోని తూత్తుకుడిలో విద్యుత్ కార్ల ప్లాంటును 2025 ఆగస్టులో ప్రారంభించింది. విదేశీ కంపెనీలకు కూలి దేశంగా పేరుపడిన చోట నుంచి సొంత బ్రాండు బయటికి రావడం హనోయ్‌కి ఎంతో ముఖ్యం. ప్రైవేటు రంగమే ఆర్థిక వ్యవస్థకు అతిముఖ్య చోదక శక్తి అంటూ 2025 మేలో పార్టీ తీర్మానించడం, జూలైలో 63 రాష్ట్రాలను 34కు కుదించడం ఈ తొందరలో భాగమే.

వియత్నాంను ఆదర్శంగా చూపేవారు దాని బలహీనతలను తేలికగా దాటవేస్తారు. 2023 మే, జూన్ నెలల్లో జలాశయాలు అడుగంటి ఉత్తర ప్రాంతంలో కరెంటు కోతలు విధిస్తే, ఆ నష్టం సుమారు 140 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. అధికారుల్లో అవినీతి కేసుల భయం వల్ల ఫైళ్లు కదలడం మానేసిన కాలం కూడా ఉంది. ఒక రియల్ ఎస్టేట్ అధిపతి బ్యాంకును చెప్పుచేతల్లో పెట్టుకుని వేల కోట్లు కాజేసిన కేసులో 2024లో మరణశిక్ష పడింది, 2025లో చట్టం మారి అది యావజ్జీవంగా తగ్గింది. కరెంటు కోసం కొత్త లైన్లు వేశారు, అణు విద్యుత్ ప్రణాళికను తిరిగి తెరిచారు. 6,700 కోట్ల డాలర్లతో ఉత్తర-దక్షిణ హైస్పీడ్ రైలుకు 2024 నవంబరులో పార్లమెంటు ఒప్పుకుంది.

మన ఎగుమతిదారుకు ఇవన్నీ నేపథ్యమే. అతని రోజువారీ కష్టం వేరు. చైనా బట్ట లారీలో ఒకటి రెండు రోజుల్లో బాక్ నిన్ చేరుతుంది. చెన్నైలో ఎక్కిన కంటెయినర్‌కు హైఫాంగ్ చేరడానికి వారాలు పడుతుంది, సింగపూర్‌లో ఓడ మారవలసి వస్తే ఇంకొన్ని రోజులు. అక్కడి ఫ్యాక్టరీ యజమాని సరకు నిల్వ పెట్టుకోడు, కావలసినప్పుడు కావలసినంత తెప్పించుకుంటాడు. ధర పది శాతం తగ్గించినా ఈ తేడా పూడదు. కొరియా, తైవాన్ సరఫరాదారులు చాలా ముందే హైఫాంగ్ చుట్టూ గోదాములు పెట్టి, వియత్నాం భాష వచ్చిన మనుషులను కూర్చోబెట్టారు. 2025 నుంచి హైదరాబాద్‌కు వియత్నాంతో నేరుగా విమాన సంబంధం ఏర్పడింది. అందులో ఎక్కేవాళ్లలో హలోంగ్ బే చూడటానికి వెళ్లేవారితోపాటు, హైఫాంగ్‌లో గోదాము అద్దెకు వెతకడానికి వెళ్లేవారు ఎంతమంది ఉంటారన్నదాన్ని బట్టి ఆ రెండు శాతం కదులుతుంది.