థ ఒత్తు లేని చావు

తెలుగు భాష ఇంకా బతికి ఉందంటే ఆ పుణ్యం కవులది కాదు, పండితులది కాదు, విశ్వవిద్యాలయాలది అసలే కాదు. ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ రాత్రింబవళ్లు కాపలా కాసే ఒత్తుల మాస్టారిది. పేరు చెప్పక్కర్లేదు, మీ గ్రూపులోనూ ఒకరుంటారు. డీపీలో సరస్వతీదేవి గానీ, శాలువా కప్పించుకుంటున్న తన ఫొటో గానీ ఉంటుంది. పండక్కి ఎవరినీ పలకరించరు. ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా కిమ్మనరు. ఎవరో ఒకరు 'అర్థం కాలేదు' అనబోయి 'అర్ధం కాలేదు' అని రాశారా, ఎక్కడున్నా ఊడిపడతారు. "అర్ధం అంటే సగం. మిగతా సగం అయిందా?" అంటారు. పక్కన నవ్వే బొమ్మ. ఆ జోకు ఆయన ప్రతిసారీ కొత్తగానే వేస్తారు.

ఈయన సేవల గురించి రాయాలని ఎప్పటి నుంచో ఉంది గానీ, మొన్న మా ఊరి గ్రూపులో చావు కబురు దగ్గర జరిగిన వ్యవహారం చూశాక ఇంకా ఊరుకుంటే భాషాద్రోహం అవుతుంది.

ఊళ్లో ఒక పెద్దాయన పోయారు. కొడుకు ఆటో నడుపుతాడు. తెల్లవారుతుండగా గ్రూపులో పెట్టాడు: "మా నాన్న గారు స్వర్గస్తులు అయినారు. సాయంత్రం నాలుగు గంటలకు చెరువు గట్టు దగ్గర దహనం. అందరు రాగలరు." తండ్రి శవం పక్కన కూర్చుని, పగిలిన స్క్రీను మీద బొటనవేలితో కొట్టిన నాలుగు ముక్కలవి. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టేవాడికి త, థ రెండూ 'టీ హెచ్' దగ్గరే తచ్చాడుతుంటాయి. ఏది పడితే అది పడుతుంది.

మొదటి స్పందన మాస్టారిదే. "స్వర్గస్తులు కాదు, స్వర్గస్థులు. స కింద థ ఒత్తు రావాలి. గమనించగలరు." అంతే. అయ్యో లేదు, పాపం లేదు. ఎలా పోయారని కూడా లేదు. ముందు ఒత్తు సంగతి తేలాలి, మిగతావన్నీ తర్వాత.

రిటైర్డ్ తహసీల్దారు గారు దిగారు. ఆయన అభ్యంతరం అక్షరం మీద కాదు, శాస్త్రం మీద. స్వర్గస్థులంటే స్వర్గంలో ఉన్నవారు. మనిషి పోయి రెండు గంటలు కాలేదు. పన్నెండో రోజు సపిండీకరణం అయ్యేదాకా ప్రేతమే కదా, అప్పుడే స్వర్గంలో ఎలా ఉంటాడు? కాబట్టి 'దివంగతులు' అనడం ఉచితమన్నారు. దివమన్నా స్వర్గమే కదండీ, 'కీర్తిశేషులు' అనేస్తే గొడవ వదిలిపోతుందని ఇంకొకాయన సలహా. ఆటోవాడి తండ్రికి కీర్తేమిటని ఎవరూ అడగలేదు గానీ, ఒకరి పేరు పక్కన చాలాసేపు 'టైపింగ్' అని కనిపించి ఆగిపోయింది.

ఇంతలో మాస్టారి మీదే దాడి. "గమనించగలరు అంటే గమనించే శక్తి ఉన్నవారని. గమనించ ప్రార్థన అనాలి. అసలు అది ఒత్తు కాదు, వత్తు." తనను ఒకడు దిద్దడమా! మాస్టారు మధ్యాహ్నం భోజనం కూడా మానేసినట్టున్నారు. నిఘంటువు పేజీలు ఫొటోలు తీసి పెట్టారు, అందులో ఒకటి తలకిందులుగా. అవతలాయన మరో నిఘంటువు తీశాడు. ఒత్తా, వత్తా అన్నది తేలకముందే బెంగళూరు నుంచి ఎవరో, పైన ఏం జరుగుతోందో చూడకుండా, తామరపువ్వు మీద మంచు బిందువులతో 'శుభోదయం' పెట్టారు. ఆ రోజు అందరూ ఏకగ్రీవంగా దండం పెట్టింది ఆ పువ్వుకే.

అప్పుడొచ్చాడండీ బండి ర ఆయన. ఇలాంటివాళ్లు కోటికొకరుంటారు. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ వదిలేసిన ఱ కోసం, అరసున్న కోసం ఒంటరిగా పోరాడుతుంటారు. "చెరువు కాదు, చెఱువు" అన్నాడు. ఆ ఒక్క ఱ మీద మళ్లీ గంట నడిచింది. ఈ సందట్లో పోయినాయన మేనకోడలు బస్సులోంచి అడిగింది: "అన్నా, ఏ చెరువు? పెద్ద చెరువా, కొత్త చెరువా?" ఆ కొడుకు ఫోన్ ఎత్తే స్థితిలో లేడు. గ్రూపులో జవాబు మాత్రం వెంటనే వచ్చింది. "ఏ చెఱువైనా బండి రయే అమ్మా."

ఆ అమ్మాయి కొత్త చెరువు దగ్గర దిగింది. దహనం పెద్ద చెరువు గట్టున. ఆటో మాట్లాడుకుని వచ్చేసరికి చితి అంటుకుంది.

ఒత్తు మాత్రం సరిచేయబడింది. మాస్టారికి అభినందనలు.

"తప్పును తప్పు అనకపోతే భాష ఏమైపోవాలి?" అని మాస్టారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆయన దిద్దుబాటు ఏ దిక్కుకు పారుతుందో కొంచెం గమనించాను. పల్లానికే పారుతుంది. డిసెంబరు 6 వచ్చిందంటే అంబేడ్కర్ బొమ్మ కింద 'వర్ధంతి శుభాకాంక్షలు' అని ఫ్లెక్సీ లేస్తుంది. మనిషి చనిపోయిన రోజుకు శుభాకాంక్షలు! ఇందులో ఒత్తులన్నీ ఉన్నచోట ఉన్నాయి, అర్థం ఒక్కటే లేదు. మాస్టారు ఆ ఫ్లెక్సీ నీడలోనే బస్సు కోసం నిలబడతారు. పైకి చూడరు. ఎందుకంటే దాని మీద చేతులు జోడించి నవ్వుతున్న పద్నాలుగు మొహాల్లో ఎవరైనా "ఏం మాస్టారూ, మా ఫ్లెక్సీకి వంకలు పెడుతున్నారట" అని అడిగే అవకాశం ఉంది. టీవీ స్క్రోలింగులో ఎన్ని అక్షరాలు హత్యకు గురైనా ఆయనకు అభ్యంతరం లేదు. డల్లాస్ నుంచి కొడుకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపితే దానికి ఎర్రటి లవ్ గుర్తు. ఆటోవాడి ఒత్తు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నన్నయభట్టు ఆవహిస్తాడు.

ఈ మాస్టార్లందరికీ ఆగస్టు 29 పెద్ద పండగ. గిడుగు రామమూర్తి గారి బొమ్మకు దండ వేసి తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు పంపుతారు. 1863లో పుట్టిన ఆ పెద్దమనిషి జన్మంతా ఎవరితో పోట్లాడారో తెలుసుకున్న పాపాన మాత్రం పోలేదు. అచ్చంగా వీళ్లతోనే! బడిపిల్లలు తమ నోట్లో ఉన్న భాషలో వ్యాసం రాస్తే భాష చెడుతుందన్న పండితులతో. ఆ గొడవ ముదిరిన రోజుల్లో అవతలి వైపు జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులున్నారు, చిన్నయసూరి బాలవ్యాకరణం ఉంది, ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉంది. గిడుగు ఏం చేశారంటే, గ్రాంథికం తప్ప రాయకూడదన్న పండితుల పుస్తకాలే తీసి, వాళ్లు నెత్తిన పెట్టుకున్న వ్యాకరణం ప్రకారమే వాళ్ల తప్పులు ఏరి ముందు పోశారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అని పేరు పెట్టి మరీ. ఆయన దిద్దింది పైనున్నవాళ్లని. పర్లాకిమిడిలో ఉండగా సవర గిరిజనుల దగ్గరికి వెళ్లినప్పుడు ఒక్కరినీ దిద్దలేదు. వాళ్ల మాట తాను నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మన మాస్టారు ఆ దండ వేసిన చేత్తోనే కిందకు దిగి, శుభాకాంక్షలు చెప్పినవాళ్లలో ఎవరు 'శుభాకాంషలు' అన్నారో వెతుకుతారు.

ఇంకో పదకొండు రోజులకు సెప్టెంబరు 9, కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. దానికీ ఒక బొమ్మ, ఒక దండ. మర్నాడు ఎవరైనా 'వస్తున్న' అని రాస్తే, "వస్తున్నాను అనాలి, క్రియ అసంపూర్ణంగా ఉంది" అని మాస్టారి నోటీసు.

నవ్వులాట ఇంతవరకే. ఒక రైతుల గ్రూపులో చూసింది చెబుతాను. 2021లో వచ్చిపడి గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా మిరప రైతును ముంచిన నల్ల తామర పురుగు మీకు గుర్తుండే ఉంటుంది. పూతలో చేరుతుంది. దులిపితే అరచేతిలో నల్లటి నలకల్లా కదులుతాయి. పూత రాలిపోతుంది, కాయ పట్టదు. కౌలు కట్టి, అప్పు తెచ్చి వేసిన చేలను దున్నేసుకున్నవాళ్లున్నారు. ఆ పురుగు గురించి ఒక ఆడమనిషి గ్రూపులో రాసింది: "మా మిర్ప చేన్ల నల్ల తామర పుర్గు బాగ అయింది. పూతంత రాల్తంది. ఏం మందు కొట్టాలె జర చెప్పున్రి." పూత ఫొటో కూడా పెట్టింది.

ఒకాయన జవాబిచ్చాడు. మందు పేరు కాదు. "చేన్ల కాదు, చేనులో. చెప్పున్రి కాదు, చెప్పండి. ముందు తెలుగు సరిగ్గా రాయడం నేర్చుకోండి." దానికి నవ్వే బొమ్మలు. నీలం రంగు జిగురు అట్టలు పెట్టమ్మా, కనిపించిన మందల్లా కలిపి కొట్టకమ్మా అని చెప్పినవాడు సాయంత్రానికి గానీ రాలేదు. ఆమె దానికి బదులివ్వలేదు. ఆ తర్వాత ఆ గ్రూపులో ఆమె పేరు నాకు మళ్లీ కనిపించలేదు.

ఏం తప్పు రాసిందయ్యా ఆమె? అందులో ఒక్క తప్పు చూపించు! ఆమె తల్లి మాట్లాడిన తెలుగు అది, ఊరు ఊరంతా మాట్లాడే తెలుగు. నీ జిల్లా మాట వ్యాకరణమైంది, ఆమె జిల్లా మాట తప్పయింది. ఎవడు రాసిచ్చాడు నీకు ఆ హక్కు? 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత 59 శాతం. అంటే పదిమందిలో నలుగురికి చదవడం, రాయడం రాదు. ఎవరూ చదివించకపోయినా, చేలో పని చేసుకుంటూ, ఎవరి ఫోనో చూసి అక్షరం అక్షరం కూడబలుక్కుని, నలుగురిలో ఒక ప్రశ్న రాసే ధైర్యం చేసిన మనిషిని పట్టుకుని ముందు తెలుగు నేర్చుకో అంటావా? ఆమె వంకాయ కూర బాగా కుదిరిందని చెప్పడానికి రాలేదు. ఏడాది కష్టం కళ్ల ముందు రాలిపోతుంటే వచ్చింది. ఆమె నోరు మూయించావు. దానికి భాషాసేవ అని పేరు. సిగ్గుండాలి.

దిద్దాల్సినవి లేవని కాదు. పెళ్లి శుభలేఖ ప్రెస్సుకు వెళ్లేముందు చూడమంటే తప్పకుండా చూడండి. పిల్లల పాఠ్యపుస్తకంలో తప్పుంటే వీధికెక్కండి. మందు డబ్బా మీద మోతాదు తప్పుగా రాసి ఉంటే అరవండి. కలం పట్టి జీతం తీసుకునేవాడిని, నాతో సహా, ఒక్క ఒత్తు కూడా వదలకండి. మీ మేనల్లుడు ఉద్యోగానికి తెలుగులో దరఖాస్తు రాసుకుంటుంటే పక్కకు పిలిచి చెవిలో చెప్పండి. చెవిలో చెప్పే తప్పుల మీద మాత్రం మాస్టారికి ఎందుకో ఆసక్తి లేదు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు, అడిగి చూశాను. తెలుగు వికీసోర్స్ అని ఒకటుంది. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, యంత్రంతో చదివించి పెడతారు. యంత్రం చేతిలో పడ్డాక ఒత్తులు ఎగిరిపోతాయి, ధ ద అవుతుంది, ఱ ఏమవుతుందో దేవుడికే తెలియాలి. ఆ పుటలను మనుషులు కూర్చుని అచ్చుదిద్దాలి. దిద్దని పుటకు ఎర్ర గుర్తు, ఒకరు దిద్దాక పసుపు, ఇంకొకరు సరిచూశాక ఆకుపచ్చ. ఎవరైనా చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎర్రగా ఉన్న పుటలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒత్తులంటే ప్రాణమిచ్చే మనిషికి స్వర్గం అంటే అదే కదా! మాస్టారికి ఫోన్ చేసి అంతా విడమరిచి చెప్పాను. బండి రలు, అరసున్నలు కూడా దండిగా దొరుకుతాయని ఆశ పెట్టాను.

శ్రద్ధగా విన్నారు. "బాగుందండీ. మరి నేను దిద్దినట్టు ఆ తప్పు చేసినవాడికి తెలుస్తుందా?"

"తప్పు చేసింది మిషన్ కదా మాస్టారూ."

"అయితే ఎందుకులెండి," అన్నారు.