జపాన్ ఎక్స్ఛేంజ్ కోర్సులు: అతిథిని అరుగు మీదే కూర్చోబెడితే ఎలా?

జపాన్‌లో పేరున్న యూనివర్సిటీలు, ఒక సెమిస్టరో ఏడాదో చదివి వెళ్లే విదేశీ స్టూడెంట్స్ కోసం పెట్టే ఎక్స్ఛేంజ్ కోర్సుల లిస్టులు ఓ నాలుగు పక్కపక్కన పెట్టుకుని చూడండి, పైన యూనివర్సిటీ పేరు మీద చెయ్యి అడ్డం పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. జపాన్ సమాజానికి పరిచయం, జపాన్ ఎకానమీకి పరిచయం, జపాన్ రాజకీయాలు, పాప్ కల్చర్, బిజినెస్ కల్చర్, ఒకటో రెండో టీ సెరిమనీ లాంటివి, మిగతాదంతా జపనీస్ భాష క్లాసులు. ఒక్కో కోర్సు విడిగా చూస్తే బాగానే ఉంటుంది, చెప్పే ప్రొఫెసర్లు కూడా సబ్జెక్టులో గట్టోళ్లే. నా అభ్యంతరం వేరే. ఆ క్లాసులో జర్మనీ అబ్బాయి ఉంటాడు, ఇండోనేషియా అమ్మాయి ఉంటుంది, ఫ్రాన్స్, అమెరికా, థాయ్‌లాండ్ అందరూ ఉంటారు, జపాన్ స్టూడెంట్ మాత్రం ఒకళ్లో ఇద్దరో, చాలాసార్లు వాళ్లూ ఉండరు. అంత దూరం వెళ్లి జపాన్ గురించి జపాన్ పిల్లలు లేని గదిలో కూర్చుని నేర్చుకోవడం ఏంటి అసలు?

కావాలని చేసిందేం కాదు, చరిత్ర అలా వచ్చింది. 1983లో నకసోనె ప్రధానిగా ఉన్నప్పుడు లక్ష మంది విదేశీ స్టూడెంట్స్‌ని తెద్దామని టార్గెట్ పెట్టారు, అది అందుకునేసరికి 2003 అయింది. 2008లో ఇంకోటి, 2020కల్లా 3 లక్షలు అన్నారు, 2019 లెక్కల్లోనే 3,12,214కి చేరిపోయారు. ఇప్పుడు 2033కి 4 లక్షలు అంటున్నారు. ఈ పరుగు మధ్యలో, 90ల్లో, నేషనల్ యూనివర్సిటీలు ఒకదాని వెనక ఒకటి ఇంగ్లిష్‌లో ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలు మొదలెట్టాయి, క్యుషు 1994లో, టోక్యో యూనివర్సిటీ కొమాబా క్యాంపస్‌లో 1995లో, నగోయా 1996లో, క్యోటో 1997లో. అప్పటికి డిపార్ట్‌మెంట్లలో ఇంగ్లిష్‌లో చెప్పే డిగ్రీ కోర్సులు దాదాపు లేవు, ఉన్న కోర్సులన్నీ జపనీస్‌లోనే. మరి వచ్చేవాళ్లని ఎక్కడ కూర్చోబెట్టాలి? అందుకని చాలాచోట్ల విదేశీ స్టూడెంట్స్ కోసం విడిగా సెంటర్ పెట్టారు, విడిగా కోర్సులు తయారుచేశారు, డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ తన అసలు పని మధ్యలో వారానికోసారి వచ్చి ఇంగ్లిష్‌లో ఒక క్లాసు చెప్పి వెళ్లడం. అదనపు పని కాబట్టి అందరికీ అర్థమయ్యే పరిచయం స్థాయి దాటదు, మెకానికల్ చదివేవాడూ హిస్టరీ చదివేవాడూ ఒకే గదిలో ఉంటే దాటడం కుదరదు కూడా. జపాన్‌లోనే దీన్ని విమర్శించేవాళ్లు దెజిమా అంటుంటారు, 1641 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా డచ్ వ్యాపారుల్ని ఊళ్లోకి రానివ్వకుండా నాగసాకి ఒడ్డున ఉంచిన చిన్న దీవి అది. మన భాషలో చెప్పాలంటే అతిథికి అరుగు మీదే మంచం వేసి, ఫ్యాన్ పెట్టి, కాఫీ ఇచ్చి, ఇంట్లోకి మాత్రం పిలవకపోవడం. మర్యాదకి లోటేం ఉండదు, అదే అసలు చిక్కు, కంప్లయింట్ చేద్దామన్నా ఏమని చేస్తారు.

ఇక క్రెడిట్ల లెక్క. ఇది కొంచెం విసుగ్గా ఉంటుంది గానీ అసలు విషయం ఇందులోనే ఉంది. జపాన్ రూల్స్ ప్రకారం ఒక క్రెడిట్ అంటే 45 గంటల చదువు, క్లాసూ ఇంటి చదువూ కలిపి. మామూలు లెక్చర్ కోర్సు వారానికి ఒక్కసారి, 90 నిమిషాలు, 15 వారాలు, దానికి 2 క్రెడిట్లు. ఆ 90 నిమిషాల్ని రెండు గంటల కింద లెక్కేస్తారు, నిజంగా గడియారం పెట్టి చూస్తే సెమిస్టర్ మొత్తానికి క్లాసు టైం 22 గంటల 30 నిమిషాలే. మన ఇంజినీరింగ్ కాలేజీలో 3 క్రెడిట్ల సబ్జెక్టుకి వారానికి మూడు పీరియడ్లు పడతాయి కదా, అక్కడ అలా ఉండదు, సోమవారం చెప్పింది మళ్లీ వచ్చే సోమవారమే. ఈమధ్య కొన్ని యూనివర్సిటీలు క్లాసు పొడుగు పెంచి వారాలు తగ్గించాయి, మెయిజి, వాసెదా 100 నిమిషాలకి మారాయి, టోక్యో యూనివర్సిటీలో 105 నిమిషాలు 13 వారాలు. మొత్తం నిమిషాలు చూస్తే పెద్ద తేడా ఏం లేదు.

దీనికి వీసా రూలు తోడైంది. డిగ్రీ కోసం కాకుండా క్లాసులు వినడానికి వచ్చే స్టూడెంట్ వారానికి కనీసం 10 గంటలు క్లాసులో ఉండాలని ఇమిగ్రేషన్ రూలు, అందుకే చాలా యూనివర్సిటీలు ఎక్స్ఛేంజ్ వాళ్లకి కనీసం ఏడు క్లాసులు అని చెప్పేస్తాయి. వారానికి ఏడు క్లాసులు, అన్నీ వారానికోసారి చొప్పునే అయితే ఏడు సబ్జెక్టులు, అన్నీ పైపైనే. పైగా 45 గంటల రూలు నిజంగా పాటిస్తే ఒక్కో 2 క్రెడిట్ల కోర్సుకి వారానికి నాలుగు గంటలు ఇంట్లో చదవాలి, ఏడు కోర్సులకి 28 గంటలు. తమాషా ఏంటంటే స్టూడెంట్ వీసా మీద పర్మిషన్ తీసుకుని పార్ట్ టైం పని చేసుకోవడానికి వారానికి ఇచ్చిన లిమిట్ కూడా సరిగ్గా 28 గంటలే. చదువుకి వెళ్లాల్సిన 28 ఎక్కడికి పోతాయో మీరే ఊహించుకోండి, కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్ దగ్గర నేర్చుకునే జపనీస్ క్లాసులో కన్నా బాగా వస్తుందనేవాళ్లూ ఉన్నారు, అందులో అబద్ధమేం లేదు.

దెజిమా కాని చోట్లు కూడా ఉన్నాయి, అవెందుకు వేరో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. అకితా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ 2004లో పెట్టారు, ఉత్తరాన మంచు బాగా పడే చోటు, చుట్టూ అడవి తప్ప పెద్దగా ఏం ఉండదు. అక్కడ క్లాసులన్నీ ఇంగ్లిష్‌లోనే, జపాన్ పిల్లలకి కూడా. పైగా ప్రతి స్టూడెంట్ ఒక ఏడాది విదేశంలో చదివి తీరాలి. వాళ్లు అటు వెళ్తే ఒప్పందం ప్రకారం అక్కడి పిల్లలు ఇటు వస్తారు, వచ్చినవాళ్లు జపాన్ స్టూడెంట్స్ కోసం ఉన్న క్లాసుల్లోనే కూర్చుంటారు, లైబ్రరీ 24 గంటలూ ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, అర్ధరాత్రి రిపోర్టు రాసుకుంటుంటే పక్క టేబుల్ దగ్గర జపాన్ వాడు అదే రిపోర్టుతో కుస్తీ పడుతుంటాడు. వాసెదాలో ఇంగ్లిష్‌లో నడిచే లిబరల్ స్టడీస్ స్కూలు, అదీ 2004దే. టోక్యోలోనే సోఫియా లిబరల్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ, మితకాలో ఐసీయూ అనే ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీ, బెప్పులో 2000లో తెరిచిన రిత్సుమెయికాన్ ఆసియా పసిఫిక్ యూనివర్సిటీ, వీటన్నిట్లో ఉన్నది ఒకటే, కోర్సు ఎక్స్ఛేంజ్ వాళ్ల కోసం పుట్టలేదు, డిగ్రీ పిల్లల కోసం పుట్టింది, వీళ్లు వచ్చి అందులో కూర్చున్నారు అంతే.

కాకపోతే ఇవి ఎక్కువగా సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్, బిజినెస్ వైపు. మన తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఇంజినీరింగ్ కదా, వాళ్లకి వేరే దారి ఉంది, నా ఉద్దేశంలో అదే ఇంకా మంచి దారి. తోహోకు యూనివర్సిటీలో కోలాబ్స్ అని, పాత టోక్యో టెక్‌లో వైసెప్ అని ల్యాబ్‌లో కూర్చోబెట్టే ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలు నడిచాయి, ఆ టోక్యో టెక్ 2024 అక్టోబర్‌లో మెడికల్ యూనివర్సిటీతో కలిసిపోయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ టోక్యో అయింది. ఇలాంటి వాటిలో క్లాసులు కొన్నే, టైమంతా ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో. నీకో టేబుల్ ఇస్తారు, వారానికోసారి జెమి ఉంటుంది, అంటే ల్యాబ్ వాళ్లందరూ చుట్టూ కూర్చుని ఒకరి పని ఒకరు విని ప్రశ్నలు అడిగే సెమినార్. మిషన్ మీద బటన్లన్నీ జపనీస్‌లో, సీనియర్‌కి ఇంగ్లిష్ మాట్లాడాలంటే మొహమాటం, నీకు జపనీస్ రాదు, అయినా శాంపిల్ పాడైతే ఇద్దరూ కలిసి రాత్రి తొమ్మిదింటిదాకా మళ్లీ చేస్తారు. జపాన్ యూనివర్సిటీలో అసలు చదువు జరిగేది అక్కడే, లెక్చర్ హాల్లో కాదు. వాళ్ల సొంత పిల్లలకి కూడా డిగ్రీలో గుర్తుండిపోయేది జెమి, ల్యాబే. అలాంటిది ఎక్స్ఛేంజ్ వాళ్లకి లెక్చర్లు పెట్టి జెమి ఇవ్వకపోవడం అంటే పప్పు మానేసి పప్పుచారు పోయడమే.

భాష గురించి రెండు ముక్కలు. వాక్యం చివర క్రియ రావడం, 'లో, కి, తో' లాంటివి మాట వెనక తగిలించడం మనకి పుట్టుకతో వచ్చినవే కాబట్టి తెలుగువాళ్లకి జపనీస్ వాక్యం పెద్ద వింతగా అనిపించదు, మాట్లాడటం తొందరగానే వస్తుంది. చంపేది కంజి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు. రెగ్యులర్ డిపార్ట్‌మెంట్ క్లాసులో కూర్చోవాలంటే జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి అయినా ఉండాలంటారు, దానిపైన ఉండే ఎన్1 అడిగేవాళ్లూ ఉన్నారు, సున్నా నుంచి మొదలెట్టి పది నెలల్లో అక్కడికి చేరడం మామూలు మనిషి వల్ల కాదు. కాబట్టి "ముందు జపనీస్ నేర్చుకో, తర్వాత లోపలికి రా" అనే సమాధానం ఎక్స్ఛేంజ్ విషయంలో పనికిరాదు, నేర్చుకునేలోపు వీసా అయిపోతుంది. తోహోకు లాంటి చోట్ల జపాన్ పిల్లల్నీ విదేశీ పిల్లల్నీ కావాలనే కలిపి, గ్రూపులు చేసి, ప్రాజెక్టు ఇచ్చి నడిపే క్లాసులు పెట్టారు, భాష సగం సగం వచ్చినా పని నడిచేలా. ఏ యూనివర్సిటీ అయినా చేయగలిగింది ఇదే అనిపిస్తుంది.

ఇక మన సంగతి. ఇండియా నుంచి జపాన్‌లో చదివేవాళ్లు 2024 నాటికి కూడా రెండు వేల లోపే, చైనా, నేపాల్, వియత్నాం పక్కన ఇది లెక్కలోకే రాదు. తెలుగు రాష్ట్రాల్లో గట్టి లింకు అంటే ఐఐటీ హైదరాబాద్, ఆ కంది క్యాంపస్ కట్టడానికి జపాన్ ప్రభుత్వ సాయం సంస్థ జైకా లోను ఇచ్చింది, ఫ్రెండ్‌షిప్ అనే స్కాలర్‌షిప్ మీద అక్కడ చదివినవాళ్లు జపాన్‌లో మాస్టర్స్‌కీ పీహెచ్‌డీకీ వెళ్లారు. కానీ అది డిగ్రీ రూటు, ఎక్స్ఛేంజ్ కాదు. ఎక్స్ఛేంజ్ అంటే రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉండాలి, ఉంటే అక్కడి ఫీజు కట్టక్కర్లేదు, నేషనల్ యూనివర్సిటీకి మామూలుగా ఏడాదికి 5,35,800 యెన్లు అది, పైగా గ్రేడ్లు బాగుండి సెలెక్ట్ అయితే జాసో అనే జపాన్ స్కాలర్‌షిప్ సంస్థ నుంచి నెలకి 80,000 యెన్లు. చిక్కు ఎక్కడంటే, ఈ ఫీజు మాఫీ ఊరికే ఇచ్చేది కాదు, నువ్వు ఇద్దర్ని పంపితే నేను ఇద్దర్ని పంపుతా అనే లెక్క. మన అఫిలియేటెడ్ కాలేజీకి ఏ జపాన్ పిల్లాడు ఒక సెమిస్టర్ వచ్చి కూర్చుంటాడు చెప్పండి, ఏం చూసి వస్తాడు?

క్యాలెండర్ కూడా కుదరదు. వాళ్ల శరదృతువు సెమిస్టర్ సెప్టెంబర్ ఆఖర్లోనో అక్టోబర్ మొదట్లోనో మొదలై జనవరి చివరో ఫిబ్రవరి మొదలో అయిపోతుంది, మనకి జులై ఆగస్టుల్లో మొదలైన సెమిస్టర్ మధ్యలో వెళ్లి తర్వాతి సెమిస్టర్ మధ్యలో తిరిగి రావాలి. అంటే వాళ్ల ఒక్క సెమిస్టర్‌కి మనవి రెండు పోతాయి. టోక్యో యూనివర్సిటీ 2011-12 టైంలో అడ్మిషన్లు శరదృతువుకి మారుద్దామని గట్టిగానే అనుకుంది, చివరికి కుదరక 2015 నుంచి ఏడాదిని నాలుగు టర్మ్‌లు చేసి సరిపెట్టుకుంది. 2020లో కోవిడ్ టైంలో దేశం మొత్తం సెప్టెంబర్‌కి మారుద్దామన్న మాట మళ్లీ వచ్చి మళ్లీ పోయింది. ఆ కోవిడ్‌లోనే ఎక్స్ఛేంజ్ వాళ్ల విలువ ఎంతో తెలిసిపోయింది లెండి, కొత్త స్టూడెంట్స్‌ని దాదాపు రెండేళ్లు దేశంలోకి సరిగ్గా రానివ్వలేదు, డిగ్రీ వాళ్లు ఎలాగో ఆన్‌లైన్‌లో నెట్టుకొచ్చారు, ఒక ఏడాది కోసమే అప్లై చేసినవాళ్లకి ఆ ఏడాదే లేకుండా పోయింది, చాలామంది కొరియా వైపు తిరిగారు.

2025 ఆగస్టులో మోదీ టోక్యో వెళ్లినప్పుడు ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు, ఇండియా నుంచి 50 వేల మంది నైపుణ్యం ఉన్నవాళ్లు అని ప్లాన్ ప్రకటించారు. మంచిదే. కానీ పైనుంచి అంకె దిగినప్పుడల్లా జపాన్ యూనివర్సిటీలు ఏం చేస్తాయో నలభై ఏళ్లుగా చూస్తున్నదే, ఇంకో సెంటర్, ఇంకో పది పరిచయం కోర్సులు. ఇక్కడ కన్సల్టెన్సీలు బోర్డు మీద జపాన్ జెండా వేసుకోవడం ఎలాగూ తప్పదు.

అప్లై చేసేవాళ్లు యూనివర్సిటీ ర్యాంకు కన్నా ముందు సిలబస్ తెరిచి చూడండి, దాదాపు అన్నిచోట్లా ఆన్‌లైన్‌లోనే పెడతారు. ఆ కోర్సు ఎవరికోసం అని రాశారో, ఏ ఫ్యాకల్టీ కోడ్ కింద ఉందో చూస్తే లోపలి గదో అరుగో తెలిసిపోతుంది. సీట్లు తక్కువున్న క్లాసుకి లాటరీ వేసే చోట్లు ఉన్నాయి కాబట్టి, వెళ్లే ముందు మీ కాలేజీలో క్రెడిట్లకి ఒప్పించుకునే లిస్టులో రెండు మూడు ఎక్స్‌ట్రా సబ్జెక్టులు రాయించుకోండి, లేకపోతే తిరిగొచ్చాక బ్యాక్‌లాగ్ రాసుకోవాలి. మూడో వంతు క్లాసులు ఎగ్గొడితే ఫెయిల్ అనేది కూడా చాలాచోట్ల సీరియస్సే.

యూనివర్సిటీల వైపు చూస్తే, జపాన్ పిల్లలు ఈ ఇంగ్లిష్ క్లాసులకి ఎందుకు రారంటే సిగ్గనీ ఇంగ్లిష్ భయమనీ చెప్తుంటారు, ఉంటే ఉండొచ్చు, కానీ అంతకన్నా మామూలు కారణం ఒకటుంది. డిగ్రీకి 124 క్రెడిట్లు కావాలి, మూడో ఏడాదికల్లా ఉద్యోగాల వేట మొదలైపోతుంది, ఆ తొందరలో ఉన్న పిల్లాడికి ఎక్స్ఛేంజ్ సెంటర్ కోర్సు తన డిపార్ట్‌మెంట్ లెక్కలోకి రాకపోతే ఎందుకొస్తాడు? మనవాడైనా రాడు. ఆ కోర్సుల్ని డిగ్రీ క్రెడిట్లలో కలపడానికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, కేంద్రం గ్రాంటు కూడా అక్కర్లేదు, ఫ్యాకల్టీ మీటింగ్‌లో ప్రొఫెసర్లు ఒప్పుకుంటే చాలు, ఏళ్లుగా ఆగుతున్నది కూడా సరిగ్గా అక్కడే.