పీ-జీరో మహాత్మ్యం

గత సోమవారం మా ఆఫీసులో పనులకు ప్రయారిటీలు పెట్టే మీటింగ్ జరిగింది. ఉన్నవి పద్నాలుగు పనులు. గంటా నలభై నిమిషాల మేధోమథనం తర్వాత పద్నాలుగింటికీ ఫస్ట్ ర్యాంకే వచ్చింది. క్లాసులో పిల్లలందరికీ ఫస్ట్ ర్యాంకు వస్తే పేపర్లు దిద్దిన మేష్టారిని అనుమానిస్తాం. మేం మాత్రం మేష్టారికి చప్పట్లు కొట్టి బయటికొచ్చాం.

ఇంతటి ఘనకార్యం ఎలా సాధ్యమైందో భావితరాలకు చెప్పకపోతే పాపం తగులుతుంది.

తెర మీద ఎక్సెల్ షీట్. ప్రతి పని పక్కనా ఒక గడి. గడి నొక్కితే పీ-వన్, పీ-టూ, పీ-త్రీ అని కిందికి జారతాయి. పీ అంటే ప్రయారిటీ, వన్ అన్నిటికంటే ముందు. పీ-వన్‌కి ఎరుపు, పీ-టూకి పసుపు, పీ-త్రీకి ఆకుపచ్చ. ముచ్చటైన ఏర్పాటు. మూడో వరసలో 'పాత ఫైళ్ల పేర్లు మార్చడం' అనే పని ఉంది. ఆ ఫైళ్లు ఎవరూ తెరవక రెండేళ్లయింది. ఒక అమాయకుడు (నేనే) నోరు జారి, "ఇది పీ-త్రీ కదండీ" అన్నాడు. గదిలో ఏసీ చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. ఆ పని తాలూకు పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలి, "అంటే మా టీమ్ పని ముఖ్యం కాదంటారు" అన్నారు. "అయ్యో, అలాక్కాదండీ!" అని నలుగురు ఒక్కసారే అన్నారు. గడి ఎర్రబడింది. ఆ తర్వాత పసుపు, ఆకుపచ్చల మొహం చూసినవాడు లేడు.

అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరని సామెత. మా మేనేజర్ గారికి ఆ అనుమానం రాలేదు గానీ, ఇంకోటి వచ్చింది. కస్టమర్లు మూడు రోజులుగా లాగిన్ కాలేకపోతున్నారు. ఇన్ని ఎరుపుల్లో ఆ పనిని వేరుగా చూపించడం ఎలా? అప్పుడు అవతరించింది పీ-జీరో. అవతరించిన పది నిమిషాల్లో అవి తొమ్మిదయ్యాయి, పాత ఫైళ్లతో సహా. "పోనీ పీ-మైనస్ వన్ పెడదామా?" అని ఒకాయన నిజంగానే అడిగారు. ఇక చూస్కోండి. మైనస్ వన్ సున్నాకంటే తక్కువ కాబట్టి ఆ పని వెనక్కి పోతుందని ఒక వర్గం. ఒకటికంటే సున్నా పెద్దదైనప్పుడు సున్నాకంటే మైనస్ వన్ పెద్దదెందుకు కాదని రెండో వర్గం. ఇద్దరు లేచి బోర్డు మీద సంఖ్యారేఖ గీశారు. బాణం గుర్తు ఎటు పెట్టాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. లాగిన్ కాలేని కస్టమర్లు ఆ దృశ్యం చూసుంటే వాళ్ల కష్టాలు మర్చిపోయేవాళ్లు.

రాజీ కుదిరి పద్నాలుగూ పీ-జీరోలయ్యాయి. షీట్ పైనుంచి కిందిదాకా ఒకటే ఎరుపు. మేనేజర్ గారు కళ్లు చికిలించి, "ఈ రంగు గుచ్చుకుంటోందయ్యా, కాస్త లేతది పెట్టండి" అన్నారు. అది పదిహేనో పనిగా నమోదైంది. దాని ప్రయారిటీ ఏమిటో మీకు వేరే చెప్పాలా?

ఈలోగా మేం ఉక్కిరిబిక్కిరి అవుతున్నామని పైవాళ్లు గమనించారు. గమనించి, అందుకు విరుగుడుగా మా నెత్తిన మరో రెండు గంటల పని పెట్టారు: ఫోకస్ పెంచుకునే శిక్షణ. హాజరు తప్పనిసరి. మెయిల్ పక్కన ఎర్ర ఆశ్చర్యార్థకం.

ట్రైనర్ గారు బోర్డు మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు గళ్లు చేశారు. ఐసెన్‌హోవర్ మాట్రిక్స్ అట. ఐసెన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడిగా ఉండగా 1954లో ఒక ప్రసంగంలో, తన సమస్యలు రెండు రకాలనీ, తొందరపెట్టేవి ముఖ్యమైనవి కావనీ, ముఖ్యమైనవి ఎప్పుడూ తొందరపెట్టవనీ చెప్పారు. అదీ తన మాటగా కాదు, ఒక మాజీ కాలేజీ ప్రెసిడెంట్ మాటగా. గళ్లు గీసింది తర్వాతివాళ్లు. మాట మంచిదే, మూడో గడి దగ్గరే నాకు చిక్కొచ్చింది. తొందరగా చేయాల్సిందే గానీ ముఖ్యం కాని పనిని ఇంకొకరికి అప్పగించాలట. ఐసెన్‌హోవర్ చేతికింద సైన్యాలు ఉండేవి. నా చేతికింద మౌస్ ఉంది. ఆ 'ఇంకొకరు' ఎవరా అని వెనక్కి తిరిగి చూస్తే గోడ కనపడింది. అసలు ఆ గదిలో కూర్చున్నవాళ్లమంతా ఎవరో ఒకరి మూడో గడిలోంచి జారిపడ్డవాళ్లమే. నాలుగో గడిలో 'మానేయండి' అని ఉంది. దాని మీద అర నిమిషం కూడా గడపకుండా స్లైడు మార్చేశారు.

నేనేమీ శుద్ధపూసను కాను. నేను రోజూ రాసుకునే లిస్టులో మొదటి పని 'లిస్టు రాయడం'. టిక్కు పెడితే ఆ సుఖం వేరు.

చివర్లో, ఈమధ్యే చేరిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, ఈ పద్నాలుగులో ఏది మానేయమంటారు?" అని అడిగింది. ట్రైనర్ గారు మేనేజర్ గారి వైపు చూశారు. మేనేజర్ గారు ఫోన్ వైపు చూశారు. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "అది నువ్వే ప్రయారిటైజ్ చేసుకోవాలమ్మా" అన్నారు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. ఆ అమ్మాయి వరసగా నాలుగు రాత్రులు ఇంటికెళ్లాక కూడా పనిచేసింది. మర్నాడు తనకు తోచిన ఒక పని పక్కన పెట్టింది. సాయంత్రానికి మేనేజర్ గారు పిలిపించి, "అది పీ-జీరో అని షీట్‌లో రాసుంది కదా, చూసుకోవా?" అన్నారు. చూసుకుందండీ. పద్నాలుగు చోట్లా అదే రాసుంది. మేనేజర్ గారూ, ఏ పని ఆపాలో తేల్చి, ఆపినందుకు అవతలి టీమ్ పెద్దమనిషికి మొహం చూపించడానికే మీకు ఆమెకంటే ఎక్కువ జీతం ఇస్తున్నారు. ఆ జీతం మీరు ఉంచుకున్నారు, ఆ తిట్లు మాత్రం ఆమెకు బదిలీ చేశారు. పైగా ఆమెకు ఫోకస్ లేదని అప్రైజల్‌లో రాస్తారు. సిగ్గుండాలి. పూర్తికాని పనులే మనసులో ఎక్కువగా మెదులుతుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లోనే రాశారు. పద్నాలుగు సగం పనులు నెత్తిన పెట్టి ఇంటికి పంపి, "లోతుగా ఊపిరి పీల్చుకో" అంటే ఆ పిల్ల ఎక్కడికని పీల్చుకుంటుంది?

1997లో అంగారకుడి మీద దిగిన నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్‌కి కూడా ఇదే జబ్బు చేసింది. అందులోని కంప్యూటర్‌లో వాతావరణ వివరాలు సేకరించే ఓ చిన్న పని, అందరికీ అవసరమైన ఒక తాళం చేతబట్టుకుంది. అతి ముఖ్యమైన పని ఆ తాళం కోసం ఎదురుచూస్తోంది. మధ్యలో ఒక మధ్యరకం పని దూరి, తాళం పట్టుకున్న దాన్ని ముందుకు కదలనివ్వలేదు. ముఖ్యమైన పని ఎంతకీ జరగడం లేదని చూసి కంప్యూటర్ తనను తానే రీసెట్ చేసుకుంది. మళ్లీ మళ్లీ అదే తంతు. ఇంజినీర్లు ఇక్కడ అలాంటిదే ఇంకో కంప్యూటర్ పెట్టుకుని, తప్పు బయటపడేదాకా తవ్వి, తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లకు ఎదురుచూసేవాళ్ల హోదా కాసేపు వచ్చేలా సెట్టింగ్ మార్చి భూమి మీద నుంచే పంపారు. దానికి ఫోకస్ లేదని ఎవరూ అనలేదు. శిక్షణకూ పంపలేదు.

ఇది రాసే సమయానికి మా పదిహేను పీ-జీరోల్లో ఒకటి విజయవంతంగా పూర్తయింది. షీట్ ఇప్పుడు లేత ఎరుపులో ఉంది. కస్టమర్లు ఇంకా లాగిన్ కాలేకపోతున్నారు.