మా పెరట్లోని డూప్లెక్స్ కోళ్లగూడు గారికి

గౌరవనీయులైన కోళ్లగూడు గారికి,

బుచ్చిరెడ్డిపాళెం నుంచి తమరి యజమాని అనబడే నేను నమస్కరించి రాసేది ఏమంటే, ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా క్షేమంగానే ఉండారని పొద్దున పళ్లు తోముకుంటా చూస్తానే ఉండా, రెండు కోట్ల పెయింటు (రూపాయలు కాదులెండి, పూతలు) ఏమాత్రం చెదరకుండా నిగనిగలాడతా ఉండారు. కోళ్లు మాత్రం తమరిలో లేవు. మొత్తం తొమ్మిదిట్లో ఏడు వేపచెట్టు కింది కొమ్మ మీద పడుకుంటాయి, ఒకటి నా బండి సీటు మీద, ఇంకొకటి యాడుందో చివర్లో చెప్తా, ఇప్పుడే చెప్తే తమరు తట్టుకోలేరు.

తమరు పుట్టింది ఎట్టాగంటే, మా ఇంటామె ఒకరోజు "నాలుగు కోళ్లు పెంచుకుంటే ఇంటి గుడ్లు తినొచ్చు కదండీ" అనింది. ఆమె అడిగింది కోళ్లు. నాకు వినపడింది గూడు. అదేందో మన మగాళ్లకి ఏ పని చెప్పినా ముందు వెల్డర్‌కి ఫోన్ చేయాలనిపిస్తది. వెల్డర్ వచ్చి కొలతలు తీసుకుని "సార్, డూప్లెక్స్ మోడల్ చేద్దాం, కింద హాలు, పైన బెడ్రూములు" అన్నాడు. కోడికి హాలు దేనికని నేను అడగలా, అడిగుంటే 17,500 మిగిలేవి. కింద పరచడానికి మా ఇంట్లో మిగిలిన నున్నటి టైల్స్, వాటి మీద ప్లాస్టిక్ గడ్డి పచ్చ మ్యాటు, కోళ్లు ఎక్కి కూచోవడానికి మెట్ల రెయిలింగులో మిగిలిన స్టీలు పైపు. వాస్తు ఆయన వచ్చి "పశుపక్ష్యాదులకి వాయవ్యం" అంటే వాయవ్యంలోనే నిలబెట్టాం. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా ఎండ సూటిగా కొట్టేది సరిగ్గా ఆ మూలే. కోళ్ల షెడ్డు పొడవు తూర్పు పడమరలకి ఉండాల, అప్పుడు పొద్దుటెండా సాయంత్రం ఎండా పొడుగు గోడల మీద పడవు అని ఆ తర్వాత తెలిసింది. తమరు మాత్రం ఉత్తర దక్షిణాలకి కాళ్లు చాపుకుని పడుకోనుండారు.

గృహప్రవేశం కూడా చేశాం కదా, గుర్తుందా? బూడిద గుమ్మడికాయ కట్టి, "శ్రీ కుక్కుట నిలయం" బోర్డు పెట్టి, ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఒంగోలు నుంచి మా బావమరిది "బావా, మాకొక పోర్షన్ అద్దెకియ్యి" అని పెట్టాడు. పక్కింటి అవ్వ ఒక్కతే తమరి చుట్టూ ఒక రౌండు తిరిగి, వంగి లోపలికి చూసి, "బాగుండాది అబ్బయా, ఊక యాడ?" అనింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వా.

కోడిపిల్లలు వచ్చే వారం వస్తాయన్న మనిషి మార్చి మొదటి వారంలో ఆ గృహప్రవేశం రోజే ఫోన్ చేసి "సార్ వచ్చేశాయి, ఇప్పుడే తీసుకోండి, మళ్లీ దొరకవు" అన్నాడు, సరే అని పన్నెండు గ్రామప్రియ పిల్లలు తెచ్చా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారు చేసిన రకం అది, వనరాజా కూడా వాళ్లదే. (తిరునాళ్లల్లో పింకు, పచ్చ రంగులేసి అమ్మే పిల్లలుంటాయే, అవి చాలావరకు లేయర్ జాతి, అంటే గుడ్ల కోసం పెంచే జాతి, మగపిల్లలు, గుడ్లూ పెట్టవు పెద్దగా కండా పట్టవు, పిల్లోళ్లు ఏడ్చినా కొనొద్దు.) తెచ్చి తమరిలో దించా. దించిన పది నిమిషాలకి ఒక పిల్ల టైల్ మీద కాళ్లు రెండు పక్కలకి జారిపోయి లేవలేక పడిపోయింది, ఇంకొకటి ప్లాస్టిక్ గడ్డి పీకి తింటా ఉండాది, మిగతావన్నీ ఒక మూల ముద్దగా చేరి కియ్యోమంటా ఉండాయి. మా ఇంటామె ఒక్క మాట కూడా అనకుండా పన్నెండిట్నీ కొంగులో వేసుకుని ఇంట్లోకి పోయింది. అంటే మీ మొదటి కాపురం పది నిమిషాలు.

ఆ రాత్రి మొదలైంది అసలు చదువు. ఒకరోజు వయసు పిల్లకి మొదటి వారం దగ్గర దగ్గర 35 డిగ్రీల వెచ్చదనం కావాలంట, ఆ తర్వాత వారానికి ఓ మూడు డిగ్రీలు తగ్గించుకుంటా పోవాలంట. మన నెల్లూరోళ్లకి వెచ్చదనానికి కరువా అనుకున్నా, పగలు కరువు లేదు నిజమే, కానీ మార్చిలో తెల్లవారుజామున చల్లగానే ఉంటది. పాత ఫ్రిజ్ అట్టపెట్టెలో బల్బు వేలాడదీద్దామని బజారుకి పోతే ఏ షాపులో చూసినా ఎల్ఈడీనే. "నాకు వేడి పుట్టే బల్బు కావాల" అంటే షాపాయన నన్ను జాలిగా చూసి "అవి యాడొస్తుండాయి సార్ ఇప్పుడు, ఇది తీసుకోండి, అస్సలు వేడెక్కదు, కరెంటు ఆదా" అని గొప్పగా చెప్తాడు. చివరికి తిరునాళ్లకి సీరియల్ లైట్లు కట్టే ఆయన దగ్గర దుమ్ము పట్టిన 60 క్యాండిల్ బల్బు ఒకటి దొరికింది. థర్మామీటర్ అక్కర్లేదు, పిల్లల్ని చూస్తే తెలిసిపోద్ది, బల్బు కింద గుంపుగా చేరితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి, పెట్టె అంతా తిరుగుతా తింటా ఉంటే సరిపోయినట్టు. 17,500 పెట్టి కట్టిన తమరు చేయలేని పని అట్టపెట్టె, ఒక బల్బు, మూడు అంగుళాల ఊక చేశాయి. కాళ్లు జారిన పిల్ల కూడా ఊక మీద నాలుగు రోజుల్లో లేచి తిరిగింది. ఒక్కటి మాత్రం పోయింది, అది నా తప్పే, వెడల్పు బేసిన్లో నీళ్లు పెట్టా, తెల్లారేసరికి అందులో తేలతా ఉండాది. నీళ్ల పళ్లెంలో గోలీలో గులకరాళ్లో వేసి, ముక్కు మాత్రమే మునిగేంత లోతుంచితే ఆ పిల్ల బతికేది.

ఊక సంగతి ఇంకో కథ. ఇన్ని రైస్ మిల్లులున్న ఊళ్లో ఊక ఊరికే ఇస్తారనుకుంటాం కదా, ఇప్పుడది బాయిలర్లకి పోతది, ఇటుక బట్టీలకి పోతది, రెండు బస్తాల కోసం బతిమాలాల్సి వచ్చింది.

మేత కోసం పోతే మన జిల్లా సంగతి తెలిసిందే కదా, రొయ్యల మేత నాలుగు సైజుల్లో ఉండాది, చేపల మేత ఉండాది, కోడిపిల్లల మేత అంటే "లేయర్ మేత ఉంది సార్, కోడి కోడే కదా" అని ఒకాయన బస్తా అంటగట్టాడు. పశువుల డాక్టర్ గారు ఆ బస్తా చూసి తల పట్టుకున్నారు. గుడ్లు పెట్టే కోడి మేతలో పెంకు కోసమని కాల్షియం మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటదంట, పిల్లలకి ఒక శాతం చాలంట, ఎక్కువైతే కిడ్నీలు పాడైపోతాయంట. పిల్లలకి కావాల్సింది చిక్ స్టార్టర్, అందులో ప్రొటీన్ 20 శాతం అటూఇటూ ఉండాల. మరి నూకలో? మా వీధిలో అందరూ నూకలే అన్నారు. నూకలు కడుపు నింపుతాయి, కండ పెంచవు. అవ్వ పాతకుండలో కాస్త పేడ, ఎండుగడ్డి కుక్కి, నీళ్లు చల్లి, చెట్టు కింద బోర్లించి పెట్టింది, మర్నాడు ఎత్తితే నిండా చెదలు, పిల్లలు ఎగబడి తిన్నాయి. ఊళ్లో చెదలు చూసి సంతోషపడిన మొదటి మనిషిని నేనే అయ్యుంటా.

టీకాలకి పోతే అక్కడ ఇంకో వింత, నా దగ్గర పిల్లలు పదకొండు, కొక్కెర తెగులు (కోళ్లని గుంపుగా చంపే రోగం) మందు సీసాలో డోసులు నూరు. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాల. ఏడో రోజు ఐస్ వేసిన ఫ్లాస్కు చంకన పెట్టుకుని, వీధిలో కోళ్లున్న ప్రతి ఇంటికీ పోయి "మీ కోడిపిల్లలకి కంట్లో చుక్క వేస్తా" అని అడిగా. ఓట్లడగడానికి వచ్చాననుకున్నారు కొందరు.

ఐదో వారం పిల్లలకి ఈకలొచ్చాక మళ్లీ తమరిని నమ్మా. ఈసారి పచ్చ మ్యాటు తీసి ఊక పోశా. ఆ రాత్రి పిల్లి వచ్చింది. తలుపు తెరవలా, లోపలికి రాలా, తమరి జాలీ కన్నాల్లోంచి చెయ్యి పెట్టి, అంచున పడుకున్న మూడు పిల్లల్ని బయట నుంచే... వద్దులెండి. వెల్డర్‌ని అడిగితే "అది కోళ్ల జాలీ సార్" అన్నాడు. నిజమే, కోళ్లని బయటకి పోకుండా ఆపే జాలీ అది, పిల్లినీ కుక్కనీ లోపలికి రాకుండా ఆపేది కాదు. కింద రెండడుగుల ఎత్తు దాకా అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ ఉండాల, తలుపుకి ఊరికే కొక్కెం కాకుండా గడియ ఉండాల, పందికొక్కు తవ్వకుండా చుట్టూ ఒక అడుగు మెష్ భూమిలోకి దించాల. ఇంత వివరం తమరి ప్లానులో ఎక్కడా లేదు, బోర్డు మీద అక్షరాల సైజు మాత్రం ఉండాది.

మే నెల గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. రోహిణి కార్తెలో తమరి రేకు కింద అప్పడం కాలుద్ది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన పెద్ద కూలర్. తమరికేమో ముందువైపు ఫ్రెంచి కిటికీ ఒకటి, వెనక గోడ మూసేసి, పైన వేడి గాలి పోవడానికి ఒక కన్నం కూడా లేదు. (ఆ మాటకొస్తే మా ఇల్లూ అంతే, వీధివైపు ఎలివేషన్‌కి మూడు లక్షలు పెట్టి వంటింటికి కిటికీ మరిచిపోయాం, తమరు మా వంశమే.) తాటాకులు కప్పి, గోనెపట్టాలు తడిపి వేలాడదీసి, పూటకి రెండుసార్లు చల్లటి నీళ్లు మార్చి గడిపాం. కోళ్లు మాత్రం తీర్మానం చేసేసుకున్నాయి, సాయంత్రం ఆరయ్యేసరికి తమరి వంక కూడా చూడకుండా వేపచెట్టు ఎక్కేశాయి. ఎక్కవా మరి? కోడి పడుకునేటప్పుడు కర్రని పట్టుకుని కూచుంటది, తమరిచ్చింది నున్నటి స్టీలు పైపు, ఎండాకాలం కాలుద్ది, చలికాలం జివ్వుమంటది. గుడ్లు పెట్టడానికి తొమ్మిది అరలు కట్టించా, లాకర్లు ఉన్నట్టు. నాలుగైదు పెట్టలకి ఒక అర చాలంట, అదీ పడుకునే కర్ర కంటే కిందుండాలంట, పైనుంటే అందులోనే పడుకుని పాడు చేస్తాయంట.

నేను ఇదంతా చెప్తే అవ్వ గంప గొప్పదని తీర్పు చెప్పేస్తున్నా అనుకునేరు. అవ్వది సింపులే, సాయంత్రం కోళ్లని గంప కింద కమ్మి, దాని మీద పొత్రం పెడితే పిల్లి గాదు కదా దాని తాత కూడా కదిలించలేడు. కానీ నేను అడిగా, "అవ్వా, మీ కాలంలో రోగాలు రాలేదా" అని. "ఎందుకు రాలా, యాడాదికోసారి కొక్కెర వచ్చేది, ఇరవై ఉంటే రెండు మిగిలేయి, అమ్మతల్లికి మొక్కుకుని ఆ రెండిట్తో మళ్లీ మొదలెట్టేదాన్ని" అనింది తేలిగ్గా. ఆ తేలిక నాకు చేతకాదు. 2024 ఫిబ్రవరిలో మన పక్కనే కోవూరు, పొదలకూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చికెన్ షాపులు మూసేయడం చూసినోళ్లం, అందుకే పొలాల్లోంచి వచ్చే కొంగలూ కాకులూ ముక్కు పెట్టకుండా మేత, నీళ్లు పైకప్పు కిందే పెడతా ఉండా, తమరి దగ్గరికి వచ్చేటప్పుడు వేరే చెప్పులు వేసుకుంటా. తమరి రేకు ఈ ఒక్క పనికి మాత్రం పనికొచ్చింది, ఒప్పుకుంటా.

ఇప్పుడు విషయానికొస్తా. అక్టోబర్ వచ్చేసింది, మనకి అసలు వానలు ఈశాన్యానివే కదా, తుఫాను వస్తే వేపచెట్టు మీద ఎవురూ ఉండలేరు, కోళ్లు తమరి దగ్గరికి రాక తప్పదు. కాబట్టి ఇది నోటీసు అనుకోండి. ఆదివారం వెల్డర్ వస్తాడు. వెనక గోడ పైభాగం కోసి జాలీ వేస్తాం, రేకు రెండడుగులు ముందుకి పొడిగిస్తాం, జల్లు లోపలికి కొట్టి ఊక తడిస్తే ఘాటు వాసన, ఆ తడిలోంచి రక్తపారుడు రోగం, అవి నాకొద్దు. గుప్పెట్లో ఊక పట్టి పిసికితే ముద్ద కట్టకూడదు, కడితే ఆ రోజే తిరగేసి కొత్త ఊక కలుపుతా, తీసేసిన పాతది నిమ్మచెట్టుకి. స్టీలు పైపు పీకి జామాయిల్ కర్ర వేస్తా. గుడ్ల పెంకు గట్టిపడాలని మైపాడు నుంచి ఆల్చిప్పలు తెచ్చి దంచి పెట్టా, ఆ గిన్నె, సాయంత్రం మేత ఇకనుంచి తమరి లోపలే. వారం పది రోజులు కోళ్లని బయటకి వదలకుండా లోపలే ఉంచితే ఇదే మన ఇల్లని అలవాటు పడతాయంట, చూద్దాం. ఖర్చు అంతా తమరి ఖాతాలో రాస్తా ఉండా, ఇప్పటికి 26,000 దాటింది, ఒక్కో గుడ్డు ఎంత పడిందని మా ఇంటామె లెక్క వేయబోతే పెన్ను దాచేశా.

బోర్డు మాత్రం తీసెయ్యను, బావమరిది సంక్రాంతికి వస్తానన్నాడు.

ఇట్లు,
తమరి వాయిదాలు కట్టేవాడు

తా.క.: ఆ తొమ్మిదోది, అవ్వ ఇచ్చిన నాటు పెట్ట. గ్రామప్రియలకి పొదగడం పెద్దగా పట్టదు కదా, వాటి గుడ్లు ఆరు దీని కింద పెట్టాం. తమరి తొమ్మిది అరలూ ఒక్కొక్కటిగా చూపించా, ముక్కుతో తట్టి చూసి వద్దనింది, వచ్చి వరండాలో కుర్చీ మీద బోర్లా పడున్న నా హెల్మెట్లో కూచుంది. ఊగకుండా అవ్వ కింద చుట్టకుదురు పెట్టింది. 21 రోజులు, ఇవాళ్టికి ఎనిమిది. నిన్న నెల్లూరు పోయొచ్చా హెల్మెట్ లేకుండా, ఫైను మెసేజ్ పొద్దున్నే వచ్చింది, అది కూడా తమరి ఖాతాలోనే.